మ్యాక్ అప్‌గ్రేడ్ తర్వాత పాస్‌వర్డ్ గోల: కీచైన్‌ని సరిచేసుకోవాలా, రీసెట్ కొట్టాలా?

దసరా దరిదాపుల్లో కొత్త మ్యాక్‌ఓఎస్ వస్తుంది. దీపావళి నాటికి నాకు ఒకటే ప్రశ్న మొదలవుతుంది: "అప్‌గ్రేడ్ అయింది, బానే ఉందనుకున్నా. ఇప్పుడు ల్యాప్‌టాప్ తెరిస్తే చాలు, అకౌంట్స్‌డీకి లాగిన్ కీచైన్ కావాలట, పాస్‌వర్డ్ కొట్టమంటోంది. కొడితే తప్పంటోంది. క్యాన్సిల్ అంటే అది పోయి ఇంకో పేరుతో మరోటి వస్తోంది. కీచైన్ రీసెట్ చేసేయనా?"

కీచైన్ అంటే మ్యాక్ మీ పాస్‌వర్డ్‌లని తాళం వేసి దాచే చోటు, అకౌంట్స్‌డీ అంటే మీ అకౌంట్లని వెనకాల చూసుకునే ప్రోగ్రామ్. ఆ ప్రశ్నలోని చివరి మాట దగ్గరే నా పేచీ. ఎక్కడ వెతికినా ముందు దొరికే సలహా అదే: డిఫాల్ట్ కీచైన్ రీసెట్ చేయండి, గోల పోతుంది. పోతుంది, నిజమే. దాంతోపాటు ఇంకేం పోతాయో మాత్రం చెప్పరు. రీసెట్‌కి నేను వ్యతిరేకిని కాను, కానీ దాన్ని మొదటి మందుగా వాడకండి. ఏది మేలో తేల్చేది ఒక్కటే: మీ పాత పాస్‌వర్డ్ మీకు గుర్తుందా, లేదా?

ఎందుకంటే లాగిన్ కీచైన్ తాళం, మీ మ్యాక్ లాగిన్ పాస్‌వర్డ్ వేరువేరు. రెండూ ఒకేలా ఉన్నంతకాలం లాగిన్ అయినప్పుడే కీచైన్ కూడా తెరుచుకుంటుంది కాబట్టి ఆ తేడా మనకి తెలియదు. సిస్టమ్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, పాతది కొట్టి కొత్తది పెట్టుకుంటే రెండూ కలిసే మారతాయి. అలా కాకుండా పాస్‌వర్డ్ మర్చిపోయి యాపిల్ అకౌంట్ ద్వారానో, రికవరీలోనో, ఇంట్లో ఇంకో అడ్మిన్ ద్వారానో మార్పించుకున్నారనుకోండి, వీధి తలుపు తాళం మారింది గానీ లోపల బీరువా తాళం పాతదే. పాతది తెలియనిదే ఆ బీరువాని తెరిచి కొత్త తాళం వేయడం మ్యాక్ తరం కూడా కాదు. అలా కుదిరితే దొంగకీ కుదురుతుంది కదా.

మరి ఇదంతా అప్‌గ్రేడ్ అయ్యాకే ఎందుకు? చాలాసార్లు నేరం అప్‌గ్రేడ్‌ది కాదు. అప్‌గ్రేడ్ అయ్యాక మెయిల్, క్యాలెండర్, మెసేజెస్ వెనకాల పనిచేసే సర్వీసులన్నీ తాజాగా మొదలై, ఒకదాని తర్వాత ఒకటి తమ పాస్‌వర్డ్‌ల కోసం కీచైన్ తలుపు తడతాయి. ఎప్పటినుంచో ఉన్న తేడా అప్పుడు బయటపడుతుంది. పైగా అప్‌గ్రేడ్ రోజే పాస్‌వర్డ్ మర్చిపోయి రీసెట్ చేసుకునేవాళ్లూ తక్కువేం కాదు. ఎన్నాళ్లుగానో వేలిముద్రతో తెరుస్తూ ఉంటారు, రీస్టార్ట్ అవగానే అది వేలు వద్దని పాస్‌వర్డే కావాలంటుంది.

ఏ మందు వేసినా ముందు పాస్‌వర్డ్ అడిగే ఆ పెట్టెలో ఏం రాసుందో చదవాలి. చదవకుండా పాస్‌వర్డ్ కొట్టేయడం మనందరికీ అలవాటే. ఫలానా ప్రోగ్రామ్ "లాగిన్" కీచైన్‌ని వాడుకోవాలనుకుంటోంది అని ఉండి, కింద క్యాన్సిల్, ఓకే మాత్రమే ఉంటే బీరువా మూసి ఉందని అర్థం. అలా కాక, ఫలానా యాప్ మీ కీచైన్‌లోని ఫలానా రహస్య సమాచారం చూడాలనుకుంటోంది అని ఉండి, కింద ఆల్వేస్ అలౌ, డినై, అలౌ అని మూడుంటే తలుపు తెరిచే ఉంది, ఆ ఒక్క వస్తువు తీసుకోవడానికి అనుమతి అడుగుతోంది. యాప్ కొత్త వెర్షన్‌కి మారి, దాని డిజిటల్ సంతకం పాతదానితో సరిపోలకపోతే ఇలా అడుగుతుంది. ఈ రెండో రకానికి రీసెట్టూ వద్దు, ఏమీ వద్దు. మీకు తెలిసిన యాప్ అయితే పాస్‌వర్డ్ కొట్టి ఆల్వేస్ అలౌ నొక్కండి. వట్టి అలౌ నొక్కితే ఆ పూటకే, మళ్లీ అడుగుతుంది. "ఎన్నిసార్లు కొట్టినా అడుగుతూనే ఉంది" అనేవాళ్లలో కొందరి సమస్య ఈ బటన్ దగ్గరే తీరిపోతుంది.

మిగిలింది మొదటి రకం. దీనికి నా ఓటు కీచైన్ పాస్‌వర్డ్‌ని మార్చి లాగిన్ పాస్‌వర్డ్‌తో సమానం చేయడానికే. కీచైన్‌ని చూపించే మ్యాక్ సొంత యాప్, కీచైన్ యాక్సెస్ తెరవండి. 2024లో వచ్చిన మ్యాక్‌ఓఎస్ సెకోయా నుంచి ఇది యుటిలిటీస్ ఫోల్డర్‌లో కనపడదు, స్పాట్‌లైట్‌లో పేరు కొడితే వస్తుంది. తెరవబోతే "పాస్‌వర్డ్స్ యాప్ తెరవనా?" అని అడుగుతుంది, వద్దని కీచైన్ యాక్సెస్‌నే ఎంచుకోండి, ఆ కొత్త యాప్‌లో ఈ రిపేరు కుదరదు. ఎడమవైపు "లాగిన్" మీద నొక్కి, ఎడిట్ మెనూలో ఆ కీచైన్ పాస్‌వర్డ్ మార్చే అంశం పట్టుకోండి. ప్రస్తుత పాస్‌వర్డ్ అన్నచోట పాతది, కొత్తదన్న రెండు గళ్లలో ఇప్పుడు మీరు లాగిన్ అయ్యేది. అంతే. లోపల ఉన్నవన్నీ ఉన్నచోటే ఉంటాయి, రీస్టార్ట్ చేస్తే గోల ఆగుతుంది.

"పాతది గుర్తులేదు" అని అందరూ అంటారు. ఒక పట్టాన నమ్మను. కొత్త పాస్‌వర్డ్ తీరు చూస్తే పాతది ఎలా ఉండేదో సగం తెలిసిపోతుంది: చివరి అంకె ఒకటి తక్కువై ఉంటుంది, లేదా మొదటి అక్షరం చిన్నదై ఉంటుంది, లేదా పిల్లల పేరు పక్కన వేరే సంవత్సరం. ల్యాప్‌టాప్ కొన్న రోజు షాపులోనో, ఆఫీసు ఐటీ వాళ్లో పెట్టిచ్చిన మొదటి పాస్‌వర్డ్ కూడా కొట్టి చూడండి. అదే కీచైన్‌కి అతుక్కుపోయి ఉండొచ్చు. తప్పు కొడితే పెట్టె అటూ ఇటూ ఊగుతుంది తప్ప కీచైన్‌లో ఉన్నవేవీ చెరిగిపోవు. కాబట్టి తొందర వద్దు. కాగితం మీద ఒకప్పుడు వాడినవన్నీ రాసుకుని వరసగా ప్రయత్నించండి, పనయ్యాక ఆ కాగితం చింపేయండి. రీసెట్‌కి ముందు ఒక సాయంత్రం దీనికి ఖర్చుపెట్టడం దండగ కాదని నా అభిప్రాయం.

ఇంకా ఎందుకు ఇంత పట్టుబడుతున్నానంటే, రీసెట్ చేస్తే పోయేవి కంటికి కనపడవు. సఫారీ పాస్‌వర్డ్‌లు పోతాయేమోనని భయపడతారు గానీ, ఐక్లౌడ్ కీచైన్ (పాస్‌వర్డ్‌లని మీ యాపిల్ అకౌంట్‌తో సింక్ చేసేది) ఆన్‌లో ఉంటే అవి తిరిగొస్తాయి. అసలు దెబ్బ క్రోమ్‌కి. క్రోమ్ దాచే పాస్‌వర్డ్‌లు, కుకీలు దాని సొంత ఫైళ్లలోనే ఉంటాయి, కానీ వాటిని విప్పే తాళంచెవిని "క్రోమ్ సేఫ్ స్టోరేజ్" పేరుతో లాగిన్ కీచైన్‌లో పెడుతుంది. కీచైన్ కొత్తదైతే ఆ చెవి ఉండదు. ఫైళ్లు ఉంటాయి, అర్థం కావు. గూగుల్ అకౌంట్‌తో సింక్ చేసుకున్నవాళ్లకి పాస్‌వర్డ్‌లు మళ్లీ దిగుతాయి, సింక్ లేనివాళ్లకి ఉన్నవన్నీ అక్కడితో సరి. ఎలాగైనా అన్ని సైట్లలోంచీ లాగౌట్ అవడం ఖాయం. పేరు చివర "సేఫ్ స్టోరేజ్" అని ఉన్న ఎంట్రీలన్నిటిదీ ఇదే కథ.

ఐఫోన్ యాప్‌లు తయారుచేసేవాళ్లయితే అసలు తొందరపడకూడదు. యాప్ మీద సంతకం చేసే సర్టిఫికెట్‌ని యాపిల్ సైటు నుంచి మళ్లీ దింపుకోవచ్చు, దాని ప్రైవేట్ కీ మాత్రం అక్కడ ఉండదు. అది మీ లాగిన్ కీచైన్‌లోనే పుట్టింది. ఎగుమతి చేసి దాచుకోకపోతే కొత్త సర్టిఫికెట్ తీసుకోవాల్సిందే. కీచైన్‌లో రాసుకున్న సెక్యూర్ నోట్స్, గిట్ టోకెన్‌లు (కోడ్ దాచే సైట్లకి పాస్‌వర్డ్ బదులు వాడేవి) కూడా ఇదే దారి.

సరే, పాతది నిజంగానే గుర్తుకు రాలేదు. అప్పుడు రీసెట్ తప్పు కాదు, అదే దారి. కీచైన్ యాక్సెస్ సెట్టింగ్స్‌లో డిఫాల్ట్ కీచైన్‌లని రీసెట్ చేసే బటన్ ఉంటుంది. ముందు టైమ్ మెషీన్ బ్యాకప్ ఒకటి తీసుకోండి, క్రోమ్‌లో సింక్ ఉందో లేదో చూసుకోండి. రీసెట్ చేశాక లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వాలి. ఇందులో ఒక ఊరట ఉంది: మ్యాక్ పాత కీచైన్‌ని చెరిపేయదు, పేరు మార్చి మీ లైబ్రరీలోని కీచైన్స్ ఫోల్డర్‌లోనే ఉంచుతుంది. జాగా కలిసొస్తుందని దాన్ని తీసేయకండి. ఆరు నెలల తర్వాత బస్సులో కూర్చుని ఉండగా పాత పాస్‌వర్డ్ ఠక్కున గుర్తొస్తే, ఫైల్ మెనూలోంచి ఆ కీచైన్‌ని జోడించి, తెరిచి, కావలసినవి తెచ్చుకోవచ్చు.

కొందరికి పాస్‌వర్డ్ కొడితే ఒప్పుకుంటుంది, కానీ కాసేపటికి మళ్లీ అడుగుతుంది. వీళ్లకి పై రెండూ అక్కర్లేదు. అదే ఎడిట్ మెనూలో కీచైన్ సెట్టింగ్స్ మార్చే అంశం ఉంటుంది. ఇన్ని నిమిషాలు ఖాళీగా ఉంటే తాళం వెయ్యి, నిద్రలోకి వెళ్తే తాళం వెయ్యి అని రెండు టిక్కులు. అవి పడి ఉంటే తీసేయండి.

పెట్టెలో "లాగిన్" బదులు "లోకల్ ఐటమ్స్" అని ఉంటే అది వేరే కీచైన్. కీచైన్స్ ఫోల్డర్‌లో పొడవాటి అంకెలు, అక్షరాల పేరుతో ఉన్న ఫోల్డర్ దానిదే. దాన్ని బయటికి జరిపి వెంటనే రీస్టార్ట్ చేస్తే కొత్తది పుడుతుంది. జరపమన్నాను, చెత్తబుట్టలో వేయమనలేదు. ఐక్లౌడ్ కీచైన్ వాడనివాళ్లకి సఫారీ పాస్‌వర్డ్‌లు ఉండేది అందులోనే.

మిగతా సలహాల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. కీచైన్‌ని రిపేరు చేసే కీచైన్ ఫస్ట్ ఎయిడ్ అనే అంశం నడపమని పాత వ్యాసాల్లో ఉంటుంది. దాన్ని 2015లో, ఎల్ క్యాపిటన్ అనే మ్యాక్ వెర్షన్ కాలంలోనే తీసేశారు. కొత్త యూజర్ అకౌంట్ తెరవడం, మొత్తం తుడిచి మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం పనిచేస్తాయి, ఈ సమస్యకి అంత దూరం అవసరం లేదు. మ్యాక్‌ని "శుభ్రం" చేస్తామనే యాప్‌ల జోలికి పోవద్దు.

ఆఫీసు మ్యాక్ అయితే ఒక మాట. కంపెనీ పోర్టల్‌లో పాస్‌వర్డ్ మార్చుకునే అలవాటు ఉన్నచోట ఈ తేడా మళ్లీ మళ్లీ వస్తుంది, ఎందుకంటే అక్కడ మార్చినప్పుడు ఇక్కడి కీచైన్‌కి ఆ సంగతి చేరదు. వీళ్లకి మాత్రం పాతది గుర్తుండే ఉంటుంది, నిన్నటిదాకా కొట్టిందే కదా. కాబట్టి రీసెట్ ఊసే వద్దు. ఐటీ వాళ్లు ఫోన్‌లో "రీసెట్ కొట్టేయండి సార్" అన్నా సరే, ముందు పాతది అడిగే గడి వెతకండి.

ఇంకొకటి, ఈ గోల అలవాటైపోవడమే ప్రమాదం. 2023లో బయటపడ్డ ఆటమిక్ స్టీలర్ లాంటి దొంగ ప్రోగ్రామ్‌లు సరిగ్గా ఇలాంటి పాస్‌వర్డ్ పెట్టెనే చూపించి లాగిన్ పాస్‌వర్డ్ కాజేస్తాయి. అది దొరికితే కీచైన్ మొత్తం వాళ్ల చేతికి వెళ్తుంది. ఎక్కడినుంచో దింపిన ఉచిత యాప్ తెరవగానే పాస్‌వర్డ్ అడిగితే ఆ పెట్టెకి ఈ వ్యాసంలోని ఏ వైద్యమూ చేయకండి. వైఫై ఆపి, ఆ యాప్ సంగతి ముందు చూడండి.

ఉబుంటు (లినక్స్) వాడేవాళ్లూ అడుగుతుంటారు కాబట్టి రెండు ముక్కలు. అక్కడ కీచైన్ లాంటిదే అయిన కీరింగ్ తెరవమని అడగడానికి మామూలు కారణం ఆటోమేటిక్ లాగిన్. మీరు పాస్‌వర్డే కొట్టకపోతే కీరింగ్ తెరవడానికి దానికి ఏమీ అందదు. వేలిముద్రతో లాగిన్ అయినా అంతే. కీరింగ్‌కి ఖాళీ పాస్‌వర్డ్ పెట్టమనే సలహా బాగా చెలామణిలో ఉంది. అలా చేస్తే లోపలివన్నీ డిస్కు మీద ఎన్‌క్రిప్షన్ లేకుండా పడి ఉంటాయి. డిస్కు మొత్తం ఎన్‌క్రిప్ట్ అయి ఉన్నవాళ్లు పెట్టుకుంటే పెట్టుకోవచ్చు. లేనివాళ్లు ఆటోమేటిక్ లాగిన్ ఆపేసుకుని, పొద్దున ఒక్కసారి పాస్‌వర్డ్ కొట్టుకోవడమే మేలు.