ఇంజనీరింగ్ కాలేజీలో మూడుల్: చాలా సెమిస్టర్లు నడిపాక

మూడుల్ అంటే నోట్సు, అసైన్‌మెంట్లు, పరీక్షలు, మార్కులు ఆన్‌లైన్లో నడిపే సాఫ్ట్‌వేర్ (లెర్నింగ్ మేనేజ్‌మెంట్ సిస్టమ్, పొట్టిగా ఎల్ఎంఎస్). దీనికి లైసెన్సు ఫీజు లేదు. 2002లో మొదటి వెర్షన్ వచ్చిన దగ్గర్నుంచీ ఓపెన్ సోర్సే. అందుకేనేమో విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల దీన్ని ఇన్‌స్టాల్ చేసి పెట్టుకున్నవాళ్లు కనిపించినంతగా రోజూ వాడేవాళ్లు కనిపించరు. కాలేజీల నాణ్యత చూసే నాక్ టీమ్ వస్తోందంటే వారం ముందు పీపీటీలన్నీ ఎక్కించడం, వాళ్లు వెళ్లగానే మళ్లీ వాట్సాప్ గ్రూపులకి పోవడం. ఈ రకం వాడకానికైతే ఈ సమీక్ష అక్కర్లేదు. జేఎన్‌టీయూ కాకినాడకి అనుబంధంగా ఉన్న కాలేజీలో, సొంత సర్వర్ మీద, మిడ్ పరీక్షలూ ఇంటర్నల్ మార్కులూ దీంట్లోనే నడపాలనుకునేవాళ్ల కోసం రాస్తున్నాను.

సాఫ్ట్‌వేర్‌కి పదికి ఎనిమిది వేస్తాను. దాన్ని చూసుకునే మనిషికి టైమ్ ఇవ్వని కాలేజీలో అదే సాఫ్ట్‌వేర్‌కి మూడు కూడా ఎక్కువే.

ముందు సర్వర్. ఏకకాలంలో పనిచేసే 10 నుంచి 20 మందికి 1 జీబీ ర్యామ్ కావాలన్నది మూడుల్ డాక్యుమెంటేషన్లో ఉన్న మోటు లెక్క. 60 మంది చొప్పున నాలుగు సెక్షన్లు ఒకేసారి ల్యాబుల్లో కూర్చుంటే 240 మంది, అంటే 12 నుంచి 24 జీబీ. మామూలు రోజుల్లో ఇందులో సగం కూడా పట్టదు. చిక్కంతా పది గంటలకి అందరూ ఒకే క్షణంలో 'అటెంప్ట్' నొక్కినప్పుడే. మూడుల్‌ని నడిపే పీహెచ్‌పీ ప్రాసెస్‌లు అయిపోతాయి, డేటాబేస్ కనెక్షన్లు నిండుతాయి, తెల్ల స్క్రీన్ వస్తుంది. పిల్లలు ఊరుకోరు కదా, రిఫ్రెష్ మీద రిఫ్రెష్ కొడతారు, దాంతో లోడు ఇంకా పెరుగుతుంది. ర్యామ్ కొనేముందు ఖర్చులేని మందు ఒకటుంది. క్విజ్‌లో గ్రూప్ ఓవర్‌రైడ్ (ఒక్కో గ్రూపుకి వేరే టైమ్ ఇచ్చే సెట్టింగ్) పెట్టి 'ఏ' సెక్షన్‌కి 10:00, బీ సెక్షన్‌కి 10:10, ఇలా విడగొట్టండి. సెషన్లను (ఎవరెవరు లాగిన్ అయి ఉన్నారన్న సమాచారాన్ని) రెడిస్‌లోకి, అంటే ర్యామ్‌లోనే డేటా దాచే ప్రోగ్రామ్‌లోకి, మార్చండి. ప్రశ్నలు పేజీకి ఐదు చొప్పున ఉంచండి. పేజీకి ఒకటే పెడితే ప్రతి 'నెక్స్ట్'కీ సర్వర్‌కి ఒక దెబ్బ, అన్నీ ఒకే పేజీలో కుక్కితే బొమ్మలున్న పేపర్ పాత ల్యాబ్ సిస్టమ్‌లో తెరుచుకోదు.

రెండో ముఖ్యమైన సంగతి క్రాన్, అంటే సర్వర్‌లో చేయాల్సిన పనుల్ని టైముకి దానంతటదే చేసే ప్రోగ్రామ్. నిమిషానికోసారి నడవాలి. విద్యార్థి మధ్యలో బ్రౌజర్ మూసేసి పోతే, టైమ్ అయ్యాక ఆ పేపర్‌ని సబ్మిట్ చేసేది క్రానే. అది ఆగితే ఆ పేపర్లు 'ఇన్ ప్రోగ్రెస్' అనే చూపిస్తూ ఉంటాయి, మార్కు పడదు, మెయిళ్లు పోవు. అయినా సైట్ చక్కగా తెరుచుకుంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. దీనితోపాటే టైమ్‌జోన్ కూడా చూసుకోండి. సర్వర్ యూటీసీలో (మనకంటే ఐదున్నర గంటలు వెనక ఉండే అంతర్జాతీయ టైమ్‌లో) ఉండిపోతే పొద్దున 10కి పెట్టిన క్విజ్ మన గడియారంలో మధ్యాహ్నం మూడున్నరకి తెరుచుకుంటుంది.

క్విజ్ విషయంలో మూడుల్‌కి సాటి వచ్చేది నాకు కనబడలేదు. క్వశ్చన్ బ్యాంకులో యూనిట్‌వారీగా కేటగిరీలు పెట్టి, ఒక్కోదానిలోంచి యాదృచ్ఛికంగా నాలుగేసి ప్రశ్నలు లాగితే పక్కపక్కన కూర్చున్నవాళ్లకి ఒకే పేపర్ రాదు. కానీ ఒకటికంటే ఎక్కువ సరైన జవాబులుండే ప్రశ్న దగ్గర లెక్చరర్లు తరచూ బోల్తా పడతారు. నాలుగు ఆప్షన్లలో రెండు సరైనవి అనుకోండి. వాటికి చెరో 50 శాతం వేస్తారు, తప్పు ఆప్షన్లకి గ్రేడ్ దగ్గర 'నన్' అని వదిలేస్తారు. అలా వదిలేస్తే నాలుగింటికీ టిక్ పెట్టినవాడికి ఫుల్ మార్కు. ఈ కిటుకు ఒక పిల్లాడికి తెలిస్తే సాయంత్రానికి హాస్టలంతా తెలుస్తుంది. తప్పు ఆప్షన్లకి చెరో మైనస్ 50 వేయాలి. ఇంకొకటి, ఒక్కరు రాయడం మొదలుపెట్టినా ఆ క్విజ్‌లో ప్రశ్నలు కలపడం, తీయడం కుదరదు. కీ తప్పయితే ప్రశ్నలో సరిదిద్ది 'రీగ్రేడ్' కొడితే చాలు, పరీక్ష మళ్లీ పెట్టక్కర్లేదు.

అసైన్‌మెంట్లో డ్యూ డేట్ దాటినా సబ్మిషన్ ఆగదు, పక్కన 'లేట్' అని పడుతుందంతే. తలుపు మూసేది కట్-ఆఫ్ డేట్. ఈ తేడా తెలియక "గడువు పెట్టాను కదండీ, ఇంకా ఎలా తీసుకుంటోంది?" అని ఫోన్ చేసేవాళ్లు ప్రతి సెమిస్టర్లోనూ ఉంటారు. ఫైల్ సైజు గొడవ వేరే. పీహెచ్‌పీ మామూలు సెట్టింగుల్లో ఒక ఫైలుకి పరిమితి 2 ఎంబీ. మూడుల్‌లో మీరు 20 అని పెట్టినా, రెంటిలో ఏది చిన్నదైతే అదే చెల్లుతుంది. ఫోన్‌తో పది పేజీలు ఫొటో తీసి పంపే పిల్లలకి 2 ఎంబీ ఏ మూలకి? పీహెచ్‌పీలో అప్‌లోడ్ పరిమితీ, పోస్ట్ పరిమితీ రెండూ పెంచాలి. అలాగని 100 ఎంబీ చేస్తే డిస్కు నిండుతుంది. స్కానర్ యాప్‌తో ఒకే పీడీఎఫ్ చేయమని చెప్పి 10 ఎంబీ దగ్గర ఆపితే పిల్లలకీ మనకీ సుఖం. ఎర్రసిరాతో దిద్దినట్టు పీడీఎఫ్ మీదే దిద్దాలంటే సర్వర్‌లో గోస్ట్‌స్క్రిప్ట్ అనే ప్రోగ్రామ్ ఉండాలి.

మార్కులన్నీ ఒకచోట చేర్చే గ్రేడ్‌బుక్ చూడగానే భయం పుట్టించేలా ఉంటుంది, కానీ మన లెక్కకి పనికొస్తుంది. రెండు మిడ్లలో ఎక్కువ వచ్చినదానికి 80 శాతం, తక్కువదానికి 20 శాతం అనే నియమం ఉంది కదా. రెండు మిడ్లకీ ఐడీ నంబర్లు ఇచ్చి, మాక్స్‌ని 0.8తో, మిన్‌ని 0.2తో గుణించి కూడేలా ఫార్ములా ఒక్కసారి రాస్తే చాలు. 24, 18 వచ్చిన విద్యార్థికి 19.2, 3.6 కలిపి 22.8 వస్తుంది. రౌండ్ చేయడం ఎక్స్‌పోర్ట్ చేశాక ఎక్సెల్‌లో చూసుకోండి. ఆబ్సెంట్ అయినవాళ్లకి మాత్రం గడి ఖాళీగా వదలొద్దు, సున్నా వేయండి. ఖాళీ మార్కుల్ని లెక్కలోంచి తీసేయడం గ్రేడ్‌బుక్‌కి మొదట్నుంచీ ఉన్న అలవాటు. కోర్సు టోటల్ చూస్తే పరీక్షకి రానివాడు వచ్చినవాడికంటే మెరుగ్గా కనిపిస్తాడు.

తెలుగు సంగతి. మెనూలకి తెలుగు ప్యాక్ ఉంది గానీ అనువాదం సగం సగమే, ఇంగ్లీషులో ఉంచుకోవడమే నయం. డిగ్రీ కాలేజీల్లో అసలు తలనొప్పి ప్రశ్నపత్రాలది. డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో కొట్టించిన పేపర్ యూనికోడ్ (ఏ కంప్యూటర్లోనైనా ఒకేలా చదవగలిగే అక్షర పద్ధతి) కాదు, మూడుల్‌లో పేస్ట్ చేస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చాక కూడా వత్తులూ సున్నాలూ ఒకసారి కంటితో చూసుకోవాల్సిందే. ప్రశ్నలు గుంపుగా ఎక్కించడానికి ఐకెన్ ఫార్మాట్ తేలిక: ఒక లైన్లో ప్రశ్న, కింద ఆప్షన్లు, చివర 'ఆన్సర్' లైను. ప్రశ్న తెలుగులో ఉండొచ్చు. ఆప్షన్ అక్షరాలూ, ఆ 'ఆన్సర్' అనే మాటా మాత్రం ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లోనే ఉండాలి. నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసేటప్పుడు యూటీఎఫ్-8 ఎంచుకోండి. లేకపోతే తెలుగంతా ప్రశ్నార్థకాలైపోతుంది.

ఇప్పుడు మనిషి సంగతి. చాలా కాలేజీల్లో ఎల్ఎంఎస్ కోఆర్డినేటర్ అంటే సీఎస్ఈలో ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్. యూజీసీ లెక్కన వారానికి 16 గంటల క్లాసులు ఎటూ ఉంటాయి. ఎన్‌పీటీఈఎల్ ఆన్‌లైన్ కోర్సులకి కాలేజీ తరఫు బాధ్యుడు (స్పాక్) కూడా ఆయనే, వెబ్‌సైటూ ఆయనే, నాక్ ఫైలూ ఆయనే. అలాంటాయన క్రాన్ లాగ్ ఎప్పుడు చూస్తారు? వర్క్‌లోడ్ సగానికి తగ్గించాలి, పక్కన ఒక ల్యాబ్ టెక్నీషియన్ని ఇవ్వాలి. సర్వర్ చూసే పనీ, బోధనలో సాయం చేసే పనీ వేర్వేరు. రెండోది తెలిసినవాళ్లు దొరకడమే కష్టం. సెమినార్ హాల్లో వందమందికి ఒక రోజు వర్క్‌షాప్ పెడితే సర్టిఫికెట్లు మిగులుతాయి. డిపార్ట్‌మెంట్‌కి వెళ్లి, ఒక్కో మేడమ్ పక్కనో సార్ పక్కనో అరగంట కూర్చుని, వాళ్ల సొంత పేపర్‌నే క్విజ్‌గా మార్చి చూపిస్తే మర్నాడు వాళ్లే ఇంకోటి చేసుకుంటారు. ఐదు యూనిట్లతో ఖాళీ నమూనా కోర్సు ఒకటి చేసిపెట్టి అందరికీ దాన్నే ఇంపోర్ట్ చేస్తే, కోర్సుకో రూపం ఉండే గందరగోళం పోతుంది.

బ్యాకప్ అంటే డేటాబేస్ ఒక్కటే కాదు, ఎక్కించిన ఫైళ్లుండే మూడుల్‌డేటా ఫోల్డర్ కూడా. డేటాబేస్ మాత్రమే దాస్తే, రికవర్ చేశాక కోర్సులుంటాయి, ఫైళ్లుండవు. పొరపాటున తీసేసిన యాక్టివిటీలు రీసైకిల్ బిన్‌లో మామూలుగా 7 రోజులే ఉంటాయి. సర్వర్ గ్రౌండ్ ఫ్లోర్‌లో పెట్టకండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది చూశాం కదా. ఒక కాపీ ఊరు బయటో క్లౌడ్‌లోనో ఉండాలి.

వెర్షన్ విషయంలో ఎల్‌టీఎస్ (ఎక్కువ కాలం ప్యాచ్‌లు వచ్చే వెర్షన్) దాటి ఆశపడొద్దు. 2024 అక్టోబరులో వచ్చిన 4.5కి సెక్యూరిటీ ప్యాచ్‌లు 2027 అక్టోబరు దాకా ఉంటాయి. దానికి కనీసం పీహెచ్‌పీ 8.1 కావాలి, 4.1.2కంటే పాతదాని నుంచి నేరుగా ఎక్కలేరు. అప్‌గ్రేడ్ వేసవి సెలవుల్లోనే పెట్టుకోండి, ముందు ప్లగిన్లు తగ్గించుకోండి. ఇరికించేది ఎప్పుడూ ఎవరో వదిలేసిన థీమో ప్లగినో.

ఫోన్ యాప్ నోట్సుకీ అసైన్‌మెంట్లకీ బాగానే ఉంటుంది. పరీక్షకి కాదు. పరీక్ష రాస్తుండగా వేరే యాప్‌లు తెరవనివ్వని సేఫ్ ఎగ్జామ్ బ్రౌజర్ విండోస్, మ్యాక్, ఐఫోన్, ఐప్యాడ్లలో నడుస్తుంది, ఆండ్రాయిడ్‌కి లేదు. మన పిల్లల చేతిలో ఉండేది ఎక్కువగా ఆండ్రాయిడే, కాబట్టి మార్కులున్న క్విజ్ ఏదైనా ల్యాబ్‌లోనే పెట్టండి. ఒక సెక్షన్‌కి నోట్సు పంచి అసైన్‌మెంట్ తీసుకోవడమే మీ అవసరమైతే మాత్రం ఇదంతా వద్దు, గూగుల్ క్లాస్‌రూమ్ సరిపోతుంది.