అమావాస్య చూసుకుని అండమాన్‌కి

రిటైరయ్యాక కొన్న కెమెరాతో నాలుగేళ్లపాటు మన విశాఖ ఫిషింగ్ హార్బర్, భీమిలి, కొండకర్ల ఆవ తిరిగాను. హార్బర్‌లో తెల్లవారుజామున చేపల వేలం ఎన్నిసార్లు తీశానంటే, అక్కడి ఆడవాళ్లు నన్ను చూడగానే "మళ్లీ వచ్చాడమ్మా" అని నవ్వుకునేవారు. ఇక సముద్రాన్ని ఇంకో వైపు నుంచి చూడాలనిపించింది. నాకు 66, మా ఆవిడకు 62. నాకు బీపీ ఉంది. ఆవిడకు కుడి మోకాలు నొప్పి. మేం వేసుకున్న ప్లానంతా ఈ మూడు ముక్కల మీదే నడిచింది.

ముందు లక్షద్వీప్ అనుకున్నాం. దానికి ప్రవేశానుమతి తీసుకోవాలి, పైగా వెళ్లాల్సింది ఎక్కువగా కొచ్చి మీదుగా. మాల్దీవులంటే మా ఆవిడ పాస్‌పోర్టు గడువు అయిపోయి చాలా కాలమైంది. అది ఉన్నా, ఒకే రిసార్టులో కూర్చుంటే వచ్చేవి ఒకేలాంటి ఫొటోలు. అండమాన్‌కి మనవాళ్లకు అనుమతి అక్కర్లేదు. అడవి, శిథిలాలు, పడవలు, పగడాలు అన్నీ ఒకే ప్రయాణంలో దొరుకుతాయి. పైగా మన విశాఖకు అది పరాయి సముద్రమేమీ కాదు. 2014లో మన మీద పడ్డ హుద్‌హుద్ తుఫాను పుట్టింది అండమాన్ సముద్రంలోనే. అందుకే అక్టోబరు, నవంబరు నెలల్ని మొదటే కొట్టేశాను.

ట్రావెల్ ఏజెంటు ఇచ్చిన ప్యాకేజీలో ఐదు రాత్రులకు తొమ్మిది చోట్లున్నాయి. ఒకరోజైతే తెల్లవారుజామున మూడింటికి లేచి బారాటాంగ్ దీవికి వెళ్లి రావడం. కాగితం మడిచి పక్కన పెట్టేసి క్యాలెండర్ తీశాను. 2025లో మహాశివరాత్రి ఫిబ్రవరి 26న. ఆ వెంటనే అమావాస్య. అమావాస్య అంటే ఆకాశంలో చంద్రుడి వెలుగు ఉండదు, పాలపుంత కనిపిస్తుంది. అమావాస్య, పౌర్ణమి వెళ్లిన ఒకటి రెండు రోజులు ఆటుపోట్లు పెద్దవిగా ఉంటాయి కాబట్టి, ఆటు సమయంలో నీళ్లు బాగా లోపలికి లాగేసి రాళ్లన్నీ బయటపడతాయి. ఈ రెండూ కలిసొచ్చేలా ఎనిమిది రాత్రులు వేశాను. పోర్ట్ బ్లెయిర్‌లో రెండు, హేవ్‌లాక్ దీవిలో మూడు, నీల్ దీవిలో రెండు, చివర మళ్లీ పోర్ట్ బ్లెయిర్‌లో ఒకటి. పోర్ట్ బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురం అయింది. హేవ్‌లాక్, నీల్ 2018 నుంచే స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్. టికెట్ల మీద కొత్త పేర్లు, అందరి నోటా పాత పేర్లు. బుక్ చేసేటప్పుడు రెండూ ఒకటేనని గుర్తుంటే టెన్షన్ ఉండదు.

విమానం చెన్నై మీదుగా తీసుకున్నాం. సీనియర్ సిటిజన్ రాయితీ ఇస్తామన్నారు గానీ, పోల్చి చూస్తే మామూలు ఆఫర్ టికెట్టే చవగ్గా వచ్చింది. రాయితీ అనగానే నొక్కేయకుండా రెండూ చూసుకోండి. కెమెరా బ్యాటరీలు, పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలి, చెకిన్ సామానులో ఒప్పుకోరు. చేతి సంచికి ఏడు కిలోలే కాబట్టి బరువు తగ్గించక తప్పలేదు. ఒక కెమెరా, 18-135 లెన్స్ ఒకటి, చిన్న ట్రైపాడ్, నీటి మెరుపు తగ్గించే పోలరైజర్ ఫిల్టర్. పక్షుల కోసం పెట్టుకున్న పెద్ద లెన్స్ ఇంట్లో వదిలేశాను. పోర్ట్ బ్లెయిర్ దగ్గర పక్షులకు పేరున్న చిడియా టాపులో ఒక్కసారి బాధపడ్డాను తప్ప, మిగతా రోజులన్నీ నా భుజం నాకు దండం పెట్టింది.

ఇంకో మాట. విశాఖ విమానాశ్రయం నేవీవారి ఐఎన్ఎస్ డేగా స్థావరంలో ఉంది, పోర్ట్ బ్లెయిర్‌ది ఐఎన్ఎస్ ఉత్క్రోష్‌ని ఆనుకుని. దిగేటప్పుడు కిటికీలోంచి దీవులు పచ్చలు పొదిగినట్టు కనిపిస్తాయి, చెయ్యి లాగుతుంది. రక్షణ విమానాశ్రయాల్లో ఫొటోలు తీయకూడదు. కెమెరా సంచిలోనే ఉంచాను.

పోర్ట్ బ్లెయిర్‌లో మొదటి తప్పు చేశాను. సముద్రం కనిపించే గది అని ఆన్‌లైన్‌లో చూసి బుక్ చేశాను. ఊరంతా ఎత్తుపల్లాలే. ఆ లాడ్జి కొండవాలు మీద ఉంది. రోడ్డు నుంచి రిసెప్షన్‌కి పద్దెనిమిది మెట్లు, అక్కడి నుంచి గది మూడో అంతస్తు. లిఫ్ట్ లేదు. "ఫోన్‌లో అడగలేదు కదండీ" అన్నాడు మేనేజరు. నిజమే, అడగలేదు. కింది గది ఇమ్మంటే సాయంత్రం దాకా చూద్దామన్నాడు, ఆ సాయంత్రం మర్నాడు కూడా రాలేదు. మా ఆవిడ మెట్టు మెట్టుకీ ఆగుతూ, "సముద్రం చూడ్డానికేనా, మన ఇంటి దగ్గర లేదా ఏంటి" అంది. తిరుగు ప్రయాణంలో అదే ఊళ్లో వెనక సందులో, గోడ తప్ప ఏమీ కనిపించని కింది గదికి తక్కువ డబ్బిచ్చి హాయిగా పడుకున్నాం.

మొదటి రోజు ఆటో ఎక్కితే, మా మాటలు విని కుర్రాడు వెనక్కి తిరిగాడు. "ఏ ఊరండీ మీది? వైజాగా? మాది శ్రీకాకుళం వైపు. మా తాతది బారువ, చేపలేటకి ఇటొచ్చీసి ఇక్కడే ఉండిపోయాడు" అన్నాడు. జంగ్లీఘాట్ వైపు మన మత్స్యకార కుటుంబాలు చాలా ఉన్నాయి. తర్వాత రెండు రోజులూ అతనే తిప్పాడు. "బాబాయ్, పిన్నిగారు ఇక్కడ కూకుంటారు, మీరు అలా ఎళ్లి తీసుకురండి" అని మాకంటే ముందే నీడ చూసిపెట్టేవాడు. ఏజెంటు కారుకి రోజుకి అడిగిన దానిలో సగం కంటే తక్కువే అయింది.

సెల్యులార్ జైలు 1896లో మొదలుపెట్టి 1906కి పూర్తి చేశారు. ఏడు వరుసల్లో ఇప్పుడు మూడే మిగిలాయి. ఫొటోకి మధ్యాహ్నం ఎండ పనికిరాదంటారు గానీ, ఇక్కడ అదే పనికొచ్చింది. వరండా కమ్మీల నీడలు నేల మీద బారుగా పడతాయి. అల్లూరి అనుచరుడు గాం మల్లుదొర అండమాన్‌లో శిక్ష అనుభవించి బయటికొచ్చి, 1952లో మన విశాఖ నుంచే లోక్‌సభకు వెళ్లారు. ఆ సంగతి గుర్తుకొచ్చాక కాసేపు కెమెరా ఎత్తబుద్ధి కాలేదు. మెట్లు ఎక్కువే, కానీ కింది అంతస్తు చూసినా చాలు. దగ్గర్లోని రాస్ దీవిలో బ్రిటిష్‌వారి కాలం శిథిలాల్ని చుట్టేసిన చెట్ల వేళ్లు, వాటి మధ్య జింకలు. నడవలేనివారికి అక్కడ బ్యాటరీ బండి ఉంది, మా ఆవిడకి అది బాగా నచ్చింది.

బారాటాంగ్ వెళ్లలేదు. జరావా ఆదివాసుల రిజర్వు అడవిలోంచి కాన్వాయ్‌లో వెళ్లాలి. ఆ దారిలో వాళ్లను ఫొటో తీయడం జైలుశిక్ష పడే నేరం. నేరం కాకపోయినా, మనుషుల్ని బండి అద్దంలోంచి చూసి రావడం నాకు ఇష్టం లేకపోయింది.

హేవ్‌లాక్‌కి ప్రైవేటు ఫెర్రీలో వెళ్లాం. రెండు గంటల లోపే. మూసి ఉన్న ఏసీ హాలు, ఉప్పు మరకల అద్దం, ఒక్క ఫొటో కూడా రాలేదు. ప్రభుత్వ ఓడలో పైన డెక్ మీద నిలబడొచ్చు, చార్జీ తక్కువ, కానీ టికెట్ దొరకడం కష్టం. నీల్‌కి వెళ్లేటప్పుడు అదృష్టం కొద్దీ ప్రభుత్వ ఓడలో దొరికింది. ఆ డెక్ మీద తీసిన ఫొటోలు ఇరవై దాకా దాచుకున్నాను. వాంతుల మాత్ర ఎక్కాక కాదు, ఎక్కడానికి ముందే వేసుకోవాలి. బీపీ మందులు వాడేవారు ఇంటి దగ్గరే డాక్టర్ని అడిగి తీసుకెళ్లడం మంచిది, దాంతో మగత వస్తుంది. ఓడ మధ్యలో కూర్చుంటే ఊపు తక్కువ.

హేవ్‌లాక్‌లో బీచ్‌లకీ ఊళ్లకీ నంబర్లు. తూర్పు వైపున్న విజయనగర్, ఐదో నంబరులో కాటేజీ తీసుకున్నాం. దీన్ని మాత్రం నేను ఫోన్ చేసి మరీ అడిగాను. నేల మీద గదేనా, బాత్రూంలో పట్టుకోవడానికి కడ్డీ ఉందా, వెస్టర్న్ టాయిలెట్టేనా, బీచ్ ఎన్ని అడుగులు. కడ్డీ తప్ప అన్నీ ఉన్నాయి. గోడలు కొంచెం చెమ్మ, దుప్పట్లో ఉప్పు వాసన, కరెంటు పోతే జనరేటరు మోత. అయినా తలుపు తీస్తే తూర్పు. అక్కడ ఫిబ్రవరి చివర్లో సూర్యుడు ఉదయం ఐదూ నలభైకే వచ్చేస్తాడు, సాయంత్రం ఐదున్నరకల్లా వెళ్లిపోతాడు. మన దగ్గర కంటే అరగంట పైనే ముందు. ప్యాకేజీల్లో "ఆరు గంటలకు సూర్యాస్తమయం" అని రాసి జనాన్ని చీకట్లో బీచ్‌కి తీసుకెళ్లేది ఇది చూసుకోకే.

శివరాత్రి మా ఆవిడ ఉపవాసం. జాగారం ఎలాగూ చేస్తున్నాను కదా, నీ పాలపుంతేదో నేనూ చూస్తానంది. కాటేజీ ముందే, నీళ్లకు దూరంగా ఇసుకలో కుర్చీలు వేయించుకున్నాం. ఈ దీవుల్లో ఉప్పునీటి మొసళ్లున్నాయి, ఇదే దీవిలో రాధానగర్ బీచ్ పక్కన నీల్స్ కోవ్ దగ్గర హెచ్చరిక బోర్డే ఉంది. రాత్రి నీటి అంచుకి వెళ్లడం ధైర్యం కాదు. మూడున్నరకి ఆగ్నేయం వైపు కొబ్బరి చెట్ల మీద తెల్లగా పొగలా తేలింది. కెమెరా బయటికి తీయగానే లెన్స్ మీద మంచు పట్టినట్టు చెమ్మ. ఏసీ గదిలోంచి ఉక్కలోకి తెస్తే అంతే. పావుగంట పైనే పోయింది. మర్నాటి నుంచి కెమెరాని జిప్ కవర్లో పెట్టి రాత్రే వరండాలో, కుర్చీకి గొలుసు కట్టి ఉంచాను. పదిహేను సెకన్ల ఎక్స్‌పోజర్లు ఓ నలభై తీశాను. ఆవిడ పంచాక్షరి ఆపి, "అది మేఘం కాదూ?" అంది. కాదు.

రాధానగర్ పడమటి వైపు. 2020లో మన రుషికొండతోపాటే, శుభ్రమైన బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చిన బీచ్. టాయిలెట్లు శుభ్రం, కూర్చోడానికి బెంచీలు. ఇసుక ఎంత తెల్లగా ఉంటుందంటే కెమెరా మోసపోయి ఫొటోని బూడిద రంగులోకి దించేస్తుంది, ఎక్స్‌పోజర్ ఒక పాయింటు పెంచాలి. కాలాపత్తర్ బీచ్ ఉదయం పూట మంచిది. ఎలిఫెంట్ బీచ్‌కి అడవిలో నడక, లేదంటే స్పీడ్‌బోటు కుదుపులు. రెండూ మానేశాం.

నీల్ మాకు అన్నిటికంటే నచ్చింది. భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, సీతాపూర్, రామ్‌నగర్. ఊళ్ల పేర్లు చదువుతూ మా ఆవిడ "శత్రుఘ్నుణ్ణి వదిలేశారే" అని బాధపడింది. దీవి చిన్నది, ఎక్కడికైనా ఆటోలో కాసేపే. లక్ష్మణ్‌పూర్ రెండో బీచ్‌లో సహజ శిలాతోరణం ఉంది. అది చూడాలంటే ఆటు వేళే వెళ్లాలి. అమావాస్య వెళ్లిన రెండో రోజు కాబట్టి సాయంత్రం నాలుగు దాటాక నీళ్లు బాగా తగ్గాయి. అంటే తోరణం కింద నిలబడేసరికి ఎండ కూడా మెత్తబడింది. ఇంట్లో క్యాలెండర్ ముందు కూర్చుని వేసుకున్న లెక్క అక్కడ రాళ్ల మీద సరిపోవడం, ఈ ప్రయాణంలో నాకు దక్కిన పెద్ద సంతోషం. దారి మాత్రం మోసం. నాచు పట్టిన పగడపు రాళ్లు. పట్టున్న బూట్లు లేకపోతే నా వయసువాళ్లు వెళ్లొద్దు. అక్కడి గైడ్ కుర్రాడికి మూడు వందలిచ్చి ట్రైపాడ్ మోయించాను. నిజానికి మోయించింది ట్రైపాడ్‌ని కాదు, చెయ్యి పట్టుకోడానికి ఒక మనిషిని. ఆవిడ పైన కొబ్బరిబోండాల కొట్టు దగ్గర కూర్చుంది.

భరత్‌పూర్‌లో అద్దాల అడుగున్న పడవ ఎక్కాం. లెన్స్‌ని అద్దానికి ఆనించి, చుట్టూ నల్ల తువ్వాలు కప్పితే మెరుపు రాదు. కానీ పడవవాడు అరగంట అని ఎక్కించి పదిహేను నిమిషాల్లోనే ఒడ్డుకి తెచ్చాడు. అడిగితే "పగడాలు అన్నీ ఒకటే సార్" అన్నాడు.

భోజనం గురించి పెద్దగా చెప్పేది లేదు. చేపలు తినేవారికి పండగ. శాకాహారులకి పప్పూ అన్నం అన్నిచోట్లా దొరుకుతుంది, నీల్‌లో కూరగాయలు అక్కడే పండుతాయి కాబట్టి రుచి బాగుంది. చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబుల్ 2020లో వచ్చాక ఫోన్లు మెరుగే, అయినా బీచ్‌ల దగ్గర సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. నగదు దగ్గర పెట్టుకోండి. మందులు పది రోజులవి కాదు, పదిహేను రోజులవి. గాలి ఎక్కువైతే ఫెర్రీలు ఆగిపోతాయి, పెద్దాసుపత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే. అందుకే తిరుగు విమానానికి ముందురోజు రాత్రి అక్కడికి చేరిపోవాలి.

వచ్చేటప్పుడు మనవడి కోసం మా ఆవిడ కొంగున కట్టుకున్న గుప్పెడు గవ్వల్ని నీల్ జెట్టీ దగ్గరే మళ్లీ ఇసుకలో పోయించాను. గవ్వలూ పగడాలూ తీసుకెళ్లకూడదు, విమానాశ్రయంలో సామాను చూస్తారు. ఓడెక్కేదాకా నాతో మాట్లాడలేదు.

ఇంకోసారి వెళితే పోర్ట్ బ్లెయిర్‌లో ఒక రాత్రి తగ్గించి నీల్‌కి ఇస్తాను. విశాఖ నుంచి ఓడ కూడా ఉంది, సుమారు 56 గంటల ప్రయాణం. నాకు ఆ డెక్ మీద రెండు సూర్యోదయాలు కావాలి. మా ఆవిడ మాత్రం ముందు ఆ ఓడలో మెట్లెన్నో కనుక్కోమంది.