యోకోహామా, కోబె, నాగసాకి: ఒక్క రేవు పట్నానికే టైముంటే ఏది మేలు?

జపాన్ వెళ్లే మనవాళ్ల ప్లాన్ దాదాపు ఒకటే: టోక్యో, క్యోటో, ఒసాకా. వీటికి తోడు ఒక రేవు పట్నం కూడా చూద్దామంటే ఈ మూడు పేర్లూ ముందుకొస్తాయి. మూడింటిలోనూ చైనాటౌన్ ఉంది, కొండవాలున తెల్లదొరల పాత బంగళాలున్నాయి. ఏదైతేనేం అనిపిస్తుంది. నన్నడిగితే వారం రోజుల ట్రిప్‌కి కోబె. పది రోజులు దాటితే కళ్లు మూసుకుని నాగసాకి.

యోకోహామాకి ఉన్న పెద్ద సుగుణం దగ్గర కావడం. టోక్యో స్టేషన్ నుంచి రైల్లో అరగంట. ఎర్ర ఇటుకల గిడ్డంగులు, 1930 నాటి హికావా మారు ఓడ, రాత్రి లైట్లు అన్నీ బాగానే ఉంటాయి. యమాషితా పార్కులో మాత్రం ఒక మూల చూడాలి. 1923 భూకంపంలో ఆదుకున్న ఊరివాళ్లకి కృతజ్ఞతగా అక్కడి భారతీయ వర్తకులు కట్టించిన నీళ్ల మండపం ఉంది, చాలామంది గమనించకుండానే దాటేస్తారు. అయితే టోక్యో చూసొచ్చిన కళ్లకి ఇక్కడి అద్దాల మేడలు కొత్తగా అనిపించవు. ఒక పూట చాలు, హోటల్ తీసుకోనక్కర్లేదు.

కోబె కూడా ఒసాకాకి అంతే దగ్గర, కానీ ఒసాకాలా ఉండదు. ఒకవైపు కొండ, ఒకవైపు సముద్రం, మధ్యలో ఇరుకుగా ఊరు. షిన్-కోబె స్టేషన్‌లో బుల్లెట్ ట్రైన్ దిగి, వెనక ఉన్న కాలిబాట పట్టుకుంటే కాసేపట్లో నునోబికి జలపాతం. శాకాహారులకైతే పెద్ద ఊరట: భారతీయులు తరతరాలుగా స్థిరపడ్డ ఊరు కాబట్టి ఇండియన్ హోటళ్లకి కొదవలేదు. కితానో వీధుల్లో జైన మందిరమూ, 1935 నాటి మసీదూ (జపాన్‌లో అదే మొదటిది) ఉన్నాయి. సూప్‌లో చేప ఉందేమోనన్న టెన్షన్ ఒక్కపూటైనా తప్పుతుంది. మెరికెన్ పార్కులో 1995 జనవరి 17 భూకంపానికి విరిగిన రేవు గట్టు ముక్కని బాగుచేయకుండా అలాగే వదిలేశారు. కుంగిన కాంక్రీటు, పక్కకి ఒరిగిన దీపస్తంభాలు. వెనకాలే ఊరంతా మళ్లీ లేచి నిలబడి ఉంటుంది.

నాగసాకి దూరం, అదొక్కటే చిక్కు. ఒసాకా నుంచి హకాతాకి రెండున్నర గంటలు, అక్కణ్ణించి టకెవో-ఒన్సెన్‌లో రైలు మారి మరో గంటన్నర. రెండు రాత్రులు ఉండకపోతే వెళ్లడం దండగ.

ఉంటే మాత్రం మొదట దేజిమా. విసనకర్ర ఆకారంలో కట్టిన ఈ చిన్న దీవిలోనే 1641 నుంచి రెండు వందల ఏళ్లకి పైగా డచ్చివాళ్లని కట్టడి చేసి వ్యాపారం చేయనిచ్చారు. మిగతా యూరప్ వాళ్లకి అదీ లేదు. చుట్టూ సముద్రాన్ని పూడ్చేయడంతో ఇప్పుడది ఊరి నడిమధ్యన ఉంది. మన బందరులో కోఠీ పెట్టినదీ ఈ డచ్చి కంపెనీయే. కోరమాండల్ తీరపు అద్దకం బట్టలు దాని ఓడల్లో ఇక్కడిదాకా వచ్చాయి. జపాన్‌లో వాటిని సరస అనేవారు, టీ సామాన్లకి సంచులు కుట్టించుకునేంత అపురూపం.

రెండో రోజు ట్రామెక్కి ఉరాకమి వైపు. అక్కడి అణుబాంబు మ్యూజియంలో 11:02 దగ్గర ఆగిపోయిన గోడ గడియారం ఉంది, 1945 ఆగస్టు 9న బాంబు పేలిన క్షణం అది. తర్వాత సన్నో గుడికి నడవండి. మెట్ల మీది రాతి తోరణానికి ఒక స్తంభం ఆ పేలుడులో కూలిపోయింది. రెండోది సగం అడ్డదూలాన్ని మోస్తూ ఇప్పటికీ నిలబడే ఉంది, చుట్టూ మామూలు ఇళ్లు. ఆ పూటకి ఇంకేమీ పెట్టుకోకండి.

తిండి దగ్గర నాగసాకి కోబెకి సాటిరాదు. ఊరి పేరు చెప్పగానే గుర్తొచ్చే నూడుల్స్ వంటకం చాంపొన్‌లో పంది మాంసం, రొయ్యలూ ఉంటాయి. శాకాహారులైతే పొడుల డబ్బా వెంట ఉండాల్సిందే. పాడుబడ్డ బొగ్గుగనుల దీవి గుంకన్‌జిమాకి పడవ టికెట్ కొనాలనుకుంటే, అలలు ఎక్కువగా ఉన్న రోజు దీవి మీద దిగనివ్వరు. అందుకే ఆ టికెట్ మొదటి రోజుకే తీసుకోండి, కుదరకపోతే రెండో రోజు మిగులుతుంది.