వైజాగ్‌లో మెక్ మాడ్ కొనబోతున్నారా? డబ్బులు పంపే ముందు ఇది చదవండి

మూడు వారాల క్రితం నా కుడి తొడ, కుడి అరచేయి కాలాయి. కాల్చింది మెక్ మాడ్ అని పిలిచే ఒక రాగి గొట్టం (ఒక రకం వేప్, అంటే ఈ-సిగరెట్), అందులో ఉన్న బ్యాటరీ. కట్లు ఇప్పుడిప్పుడే విప్పారు, టైప్ చేయగలుగుతున్నాను. నాకు అమ్మినవాడు అదే గొట్టం ఫొటో పెట్టి ఇంకో గ్రూపులో మళ్లీ అమ్ముతున్నాడని నిన్న ఫ్రెండ్ చెప్పాడు, అందుకే ఇంకా ఆలస్యం చేయకుండా రాస్తున్నాను.

నాది అక్కయ్యపాలెం, పని గాజువాకలో. తొమ్మిదేళ్లుగా సిగరెట్ అలవాటు. పాప దగ్గరికి వచ్చినప్పుడల్లా "నాన్నా, కంపు" అంటుంటే ఎలాగైనా మానేయాలని వేప్ వైపు వెళ్లాను. తెలిసినవాళ్ల ద్వారా ఒక గ్రూపులో చేరాను, మద్దిలపాలెంలో బస్సులు ఆగే చోట అందులో అమ్మేవాడు సరుకు చేతికిచ్చాడు. గొట్టం, ఊదా రంగు తొడుగున్న రెండు బ్యాటరీలు, చుట్టి బిగించిన కాయిల్ (వేడెక్కి ఆవిరి పుట్టించే తీగ), అన్నీ కలిపి 3,800 రూపాయలు. బిల్లు లేదు. "అన్నా, ఇందులో సర్క్యూటే లేదు, ఇంక పాడవడానికి ఏముంది, కొత్తవాళ్లకి ఇదే బెస్టు" అన్నాడు.

సర్క్యూట్ లేదన్నది నిజమే. కొత్తవాళ్లు దాని జోలికి వెళ్లకూడదు అనడానికి కారణం కూడా అదే. మామూలు వేప్‌లో చిన్న బోర్డు ఉంటుంది. కాయిల్ షార్ట్ అయితే కరెంటు ఆపేస్తుంది, బ్యాటరీ బాగా దిగిపోతే ఆపేస్తుంది, బటన్ పది సెకన్లు అలాగే నొక్కి ఉంచినా ఆపేస్తుంది. మెక్ మాడ్‌లో అవేమీ లేవు. గొట్టం, కింద స్ప్రింగ్ ఉన్న బటన్, మధ్యలో బ్యాటరీ, పైన కాయిల్, అంతే. బటన్ నొక్కితే బ్యాటరీలో ఉన్నదంతా నేరుగా కాయిల్‌కి వెళ్తుంది, వద్దు అని చెప్పేది ఏదీ లేదు. ఆ చెప్పాల్సింది మనమే, అదీ నొక్కకముందే లెక్క కట్టుకుని.

ఆ లెక్క నేను హాస్పిటల్ నుంచి వచ్చాక నేర్చుకున్నాను. పదో తరగతిలో చదివిన ఓమ్ సూత్రమే. ఫుల్ ఛార్జ్ అయిన సెల్, అంటే ఈ బ్యాటరీ, 4.2 వోల్టులు ఇస్తుంది. దాన్ని కాయిల్ నిరోధంతో (ఓమ్స్‌లో) భాగిస్తే ఎన్ని యాంప్స్ కరెంటు లాగుతుందో వస్తుంది. నాకిచ్చిన కాయిల్ 0.15 ఓమ్స్, అంటే 28 యాంప్స్, వాట్లలో దాదాపు 118. పాత రోజుల 100 వాట్ల బల్బు కంటే ఎక్కువ పవర్ చేతిలో పట్టే ఒక్క సెల్ నుంచి లాగుతున్నానన్నమాట. శామ్‌సంగ్ 25ఆర్ అని బాగా పేరున్న సెల్ ఉంది, 2500 ఎంఏహెచ్ (ఎంత ఛార్జ్ నిలుస్తుందో చెప్పే లెక్క), అంత మంచి సెల్‌కే రేటింగ్ 20 యాంప్స్. నా ఊదా రంగు బ్యాటరీ మీద మాత్రం 3000 ఎంఏహెచ్, 40 యాంప్స్ అని బంగారు అక్షరాలతో ప్రింట్ చేసి ఉంది. నేను నమ్మాను.

ఆ రోజు సాయంత్రం మేడ మీద ఉన్నాను. ఫోన్ వస్తే గొట్టాన్ని షార్ట్స్ జేబులో వేసుకుని మాట్లాడుతున్నాను. బటన్‌కి లాక్ రింగ్ ఉంటుంది, తిప్పితే లాక్ అవుతుంది, నేను తిప్పలేదు. పిట్టగోడకి ఆనుకుని నిలబడటంతో బటన్ నొక్కుకుపోయినట్టుంది. మొదట వెచ్చగా అనిపించింది, ఫోన్ వేడెక్కిందనుకున్నాను, కానీ ఫోన్ చెవి దగ్గరే ఉంది కదా. అది తట్టేలోపే భరించలేనంత వేడి. చేయి పెట్టి లాగి విసిరేశాను. బుస్సుమని శబ్దం, తెల్లటి పొగ, తర్వాత మంట. అది పడిన చోటికి ఐదారడుగుల దూరంలో నా భార్య ఆరేసిన బట్టలు తీస్తోంది, పాప పక్కనే క్లిప్పులు అందిస్తోంది. ఇది రాస్తుంటే ఇప్పుడూ చేయి వణుకుతోంది.

కింద వాటా పిన్నిగారు "బేగి పంపు కింద పెట్టు బాబూ" అని అరిచారు. ఇరవై నిమిషాలు నీళ్ల ధార కిందే ఉంచి, తర్వాత కేజీహెచ్ ఆసుపత్రికి వెళ్లాం. మీకూ ఇలాంటిదేమైనా జరిగితే పేస్టు, పసుపు, ఐస్ ఏవీ పెట్టకండి, నీళ్లు పోస్తూ ఉండి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. బ్యాటరీ వదిలే పొగ పీల్చకండి, అందులో హైడ్రోజన్ ఫ్లోరైడ్ అనే విషవాయువు ఉంటుంది.

మా బావమరిది లాప్‌టాప్‌లు రిపేర్ చేస్తాడు. మిగిలిన రెండో బ్యాటరీ తీసుకెళ్లి తొడుగు విప్పాడు. సెల్ రెండు చివర్లా చిన్న చిన్న చుక్కల్లా వెల్డింగ్ గుర్తులున్నాయి. అంటే అది ఎవరిదో పాత లాప్‌టాప్ బ్యాటరీ ప్యాక్‌లోంచి ఊడదీసిన సెల్, పట్టీలు పీకి కొత్త తొడుగు తొడిగారు. ఛార్జర్‌లో పెట్టి టెస్ట్ చేస్తే 1,400 ఎంఏహెచ్ కూడా రాలేదు. నాలుగైదు యాంప్స్ కోసం తయారైన సెల్‌తో నేను 28 లాగాను. కొన్నాక మూడు వారాలు ఎలా ఆగిందో అని వాడే ఆశ్చర్యపోయాడు.

నా అదృష్టం జేబుతో పోయింది. అమెరికాలో 2018 మేలో ఫ్లోరిడాలో ఒకతను, 2019 జనవరిలో టెక్సాస్‌లో ఇరవై నాలుగేళ్ల కుర్రాడు వేప్ పేలి చనిపోయారు. ఫ్లోరిడాలో పేలింది మెక్ మాడే. టెక్సాస్ కుర్రాడికి ముక్కలు మెడలో రక్తనాళాన్ని కోసేశాయి. ఇది నోటి దగ్గర పెట్టుకునే వస్తువు, అది మర్చిపోకండి.

ఇప్పటికే కొనేసినవాళ్లు ఉంటారు, వాళ్లకి ముందు చెప్పేది పక్కన పెట్టేయమనే. వినని వాళ్లు కనీసం ఇవి చూసుకోండి. బ్యాటరీ తొడుగు గోరంత చిరిగినా వాడకండి. పైన మధ్యలో ఉన్న బొడిపె ఒక్కటే పాజిటివ్, మిగతా డబ్బా అంతా, పై అంచు కూడా, నెగటివే. అందుకే తొడుగు చిరిగి లోహం గొట్టానికి తగిలితే షార్ట్. కొన్నిటిలో కాయిల్ ఉండే పై భాగం నేరుగా బ్యాటరీ మీదే కూర్చుంటుంది, హైబ్రిడ్ అంటారు. దాని కింద ఉండే పిన్ను బాగా బయటికి పొడుచుకు రాకపోతే పాజిటివ్‌కి, అంచుకి ఒకేసారి తగిలి అక్కడికక్కడే షార్ట్ అవుతుంది. గొట్టానికి గాలి రంధ్రాలు లేకపోతే అది గొట్టం కాదు, బాంబు. ఇంట్లో ఉండే మామూలు మల్టీమీటర్‌తో కాయిల్ కొలిచి ధైర్యం తెచ్చుకోకండి, దాని వైర్ల నిరోధమే 0.2 ఓమ్స్ దాకా ఉంటుంది. విడి బ్యాటరీని తాళాలు, చిల్లరతో జేబులో వేయకండి. రాత్రంతా ఛార్జింగ్ పెట్టి పడుకోకండి.

మన ఊరికి ఇంకో సమస్య ఉంది, సముద్రపు గాలి. వారం తుడవకపోతే రాగి నల్లబడుతుంది, బటన్ దగ్గర మరలు, స్ప్రింగు చిలుము పట్టి బిగుసుకుంటాయి. నాది కూడా ఒకటి రెండు సార్లు నొక్కాక సరిగా పైకి రాలేదు. అది హెచ్చరిక అని నాకు తెలియలేదు.

పోలీసు కంప్లైంట్ ఇవ్వలేదా అని చాలామంది అడిగారు. 2019 సెప్టెంబర్‌లో ఆర్డినెన్స్, డిసెంబర్‌లో చట్టం వచ్చి ఈ-సిగరెట్ల అమ్మకం, దిగుమతి, ప్రకటన అన్నీ దేశమంతా నిషేధించారు. అమ్మితే మొదటిసారికి ఏడాది వరకు జైలు లేదా లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. నిల్వ పెట్టుకున్నా శిక్ష ఉంది. కాబట్టి బిల్లు ఉండదు, వారంటీ ఉండదు, నకిలీ బ్యాటరీ అని వినియోగదారుల కమిషన్‌కి వెళ్లే దారీ ఉండదు. అసలు బ్యాటరీ ఏదో చెప్పే షాపే లేనప్పుడు "మంచిది చూసి కొనుక్కో" అన్న సలహాకి అర్థం లేదు. అతనికి ఫోన్ చేస్తే "మీరే సరిగా వాడలేదు" అని పెట్టేశాడు, సాయంత్రానికి గ్రూపులోంచి తీసేశాడు.

సిగరెట్ మానడానికే అయితే 1800-11-2356 అని ప్రభుత్వ టోల్‌ఫ్రీ నంబర్ ఉంది, నేను కట్లతో ఉన్నప్పుడు చేశాను, ఓపికగా మాట్లాడారు. 2 ఎంజీ నికోటిన్ గమ్ మందుల షాపులో చీటీ లేకుండా దొరుకుతుంది. రోజుకి పన్నెండు నుంచి మూడుకి వచ్చాను.

ఊదా రంగు తొడుగు, బంగారు రంగు అక్షరాలు, 3000 ఎంఏహెచ్, 40 యాంప్స్. మీ దగ్గర ఇదే బ్యాటరీ ఉంటే ఈ రాత్రికే గొట్టంలోంచి తీయండి. రెండు చివర్లా టేపు అంటించి, మంట అంటుకునేవి లేని చోట స్టీలు డబ్బాలో పెట్టండి, మూత బిగించకండి. చెత్త బండిలో వేయకండి, లోపల నలిగితే ఆ బండి నడిపేవాళ్ల ప్రాణం మీదికొస్తుంది. ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి ఇవ్వండి.