అరిగిన చెక్కచ్చు తరహా ఇంగ్లిషు ఫాంటు: వాడకంలో తేలిన సంగతులు

పర్లాకిమిడిలో మా డీటీపీ దుకాణానికి వచ్చే లేబుళ్లలో ఒడియా, తెలుగు, ఇంగ్లిషు మూడూ ఒకేచోట ఇమడవలసి రావడం మామూలే. ఇంగ్లిషు పేరు వరకు నేను కొన్నేళ్లుగా ఒక స్లాబ్ సెరిఫ్ ఫాంటును వాడుతున్నాను. దాని అంచులు అరిగి, సిరా అక్కడక్కడ అంటనట్టు గీతలు పడి ఉంటాయి. పాదాలు దిమ్మల్లా ఉండే ఈ తరహా అక్షరాలు లండన్‌లో 1817 నాటికే పోతపోశారు. న్యూయార్కులో డేరియస్ వెల్స్ 1827లో చెక్క అక్షరాలను యంత్రంతో కోసే పద్ధతి తెచ్చాక అవి పెద్ద పోస్టర్లకు ఎక్కాయి. వాడి వాడి అరిగిపోయిన ఆ చెక్క అక్షరాల అచ్చునే ఈ ఫాంటు అనుకరిస్తుంది.

కొరాపుట్ కాఫీ పొట్లాల మీద ఇది బాగా రాణించింది. అయితే కాఫీ అన్న ఇంగ్లిషు మాటలో రెండు ఎఫ్‌లు, వాటి వెనకే రెండు ఈలు వస్తాయి. రెండింటికీ ఒకేచోట ఒకే గీత కనబడితే పాతదనం బూటకమని ఇట్టే తెలిసిపోతుంది. దీన్ని తయారుచేసినవారు చిన్న అక్షరాల స్థానంలో కూడా పెద్ద అక్షరాలనే వేరే గీతలతో పెట్టారు కాబట్టి, షిఫ్ట్ మార్చి కొడితే జంట అక్షరాలు వేరువేరుగా కనిపిస్తాయి. ఒకే అక్షరానికి వేరే రూపాలను మార్చిపెట్టే ఓపెన్‌టైప్ సౌకర్యాలు అందుకోలేని పాత పేజీల సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌ను ఇంకా వదలని మాబోటి వాళ్లకు ఇది పెద్ద మేలు. రాయగడ పేరులో మాత్రం ఇంగ్లిషు 'ఎ' నాలుగుసార్లు వస్తుంది, ఉన్నవి రెండు రూపాలే. కోరెల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో అక్షరాలను అవుట్‌లైన్లుగా, అంటే దిద్దుకోగల బొమ్మలుగా మార్చి గీతలను చేత్తో చెరపక తప్పలేదు.

సైజు తగ్గితే ఫాంటు పూర్తిగా దెబ్బతింటుంది. విజిటింగ్ కార్డు మీద చిరునామాకు వాడితే, "ఇంకు సరిగ్గా పడలేదేమిటి బాబూ?" అని ఒక పెద్దాయన కార్డుల కట్టను తిప్పి ఇచ్చేశారు, ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. గోనె సంచుల మీద స్క్రీన్ ప్రింటింగులో రంగు పాకి సన్న గీతలు పూడిపోతాయి, గోనె గరుకే చాలినంత పాతదనం ఇస్తుంది గనుక అక్కడ గీతల్లేని మామూలు స్లాబ్ సెరిఫ్ చాలు. రేడియం స్టిక్కరు కటింగుకైతే దీన్ని తలపెట్టనే కూడదు: ప్రతి చుక్క చుట్టూ బ్లేడు తిరగాలి, ఆ తర్వాత ఆ ముక్కలన్నీ పట్టకారుతో ఏరాలి.

తెలుగుతో జత కట్టడం అన్నిటికంటే కష్టం. అరిగిన ఇంగ్లిషు పక్కన నున్నటి తెలుగు అతికించినట్టుంటుంది. రామభద్ర వంటి లావు ఫాంటు మీద అదే గరుకు వేసి చూస్తే అక్షరాలు తట్టుకున్నాయి గాని, ఒత్తుల్లోని సన్న భాగాలు తెగి చదవడానికి ఇబ్బంది అయింది. అప్పటి నుంచి ఒత్తుల మీద గరుకును తుడిచేస్తున్నాను. రెండు మూడు పెద్ద మాటలున్న పొట్లానికి, పోస్టరుకు ఈ ఫాంటు కొనవచ్చు. శుభలేఖల కోసమైతే వద్దు.