ఎండకు నల్లబడే కళ్లద్దాలు: మూడేళ్లు దాటాక నా మాట

ముందే చెప్పేస్తున్నాను, ఈ అద్దాల మీద నాకు కోపం ఉంది. పారేసేంత కోపం కాదు, ఇప్పుడు కూడా అవే పెట్టుకుని రాస్తున్నాను. అమ్మేటప్పుడు ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది, ఆ మాట ఎవరూ చెప్పలేదు. అదీ బాధ.

మాది తిరుపతి, నాకు 48. మామిడికాయల పని చేస్తాను. సీజన్ వస్తే దామలచెరువు, పాకాల, బంగారుపాళ్యం వైపు తోటలు తిరిగి, కాయ చూసి, బేరం చేసి గుజ్జు ఫ్యాక్టరీలకు తోలుతాను. పొద్దున ఎనిమిదికి తోటలో దిగితే మూడు గంటల దాకా ఎండలోనే. ఇరవై ఏళ్లుగా తలకు తువ్వాలు చుట్టుకున్నాను గానీ కళ్ల సంగతి ఎప్పుడూ తలచుకోలేదు. 44 దాటాక చత్వారం వచ్చి బిల్లు పుస్తకం చెయ్యి చాచి చదవాల్సి వచ్చింది. అప్పుడే కుడి కంట్లో ముక్కు వైపు మూల నుంచి ఒక పొర పాకడం మొదలైంది. అద్దంలో దగ్గరగా చూసుకుంటే త్రికోణంలా ఉంటుంది, మొన నల్లగుడ్డు వైపు, దాని మీద దారప్పోగుల్లా ఎర్రటి నరాలు. మా వైపు కంట్లో కండ పెరిగింది అంటారు, డాక్టర్లు టెరీజియం అంటారు.

కన్ను ఎర్రబడినప్పుడల్లా మందుల షాపులో అడిగి చుక్కలు వేసుకునేవాణ్ణి, రెండు రోజుల్లో తెల్లబడేది. కంటి డాక్టరమ్మ ఆ సీసా చూసి గట్టిగానే మందలించింది. అది స్టెరాయిడ్ చుక్కల మందు. డాక్టరును అడక్కుండా నెలల తరబడి వాడితే కంట్లో ఒత్తిడి పెరిగి నీటికాసులు రావచ్చు, శుక్లం కూడా త్వరగా ముదరవచ్చు. ఈ సమీక్షలో ఇంకేదీ గుర్తు లేకపోయినా ఇది గుర్తు పెట్టుకోండి, దయచేసి.

కండ ముక్కు వైపే ఎందుకు వచ్చిందని అడిగాను. ఎండ ఎదురుగా పడేదానికంటే పక్క నుంచి, చెవి వైపు నుంచి వచ్చేది ఎక్కువ ఇబ్బంది అట. నల్లగుడ్డు మీది గాజు పొర భూతద్దంలా పనిచేసి ఆ వెలుతురును అవతలి అంచు మీద, అంటే ముక్కు వైపు, కుప్పగా పోస్తుంది. అందుకే అంచున్న టోపీ, కణతల దాకా మూసే పెద్ద ఫ్రేమ్, ఎండలో కంటికి కనపడకుండా ఉండే అతినీలలోహిత కిరణాలను 400 నానోమీటర్ల దాకా ఆపే అద్దం పెట్టుకోమంది. ఆపరేషన్ అప్పుడే వద్దు, చూపుకు అడ్డం వస్తే చూద్దాం అంది. వట్టిగా కోసి తీసేస్తే మళ్లీ పెరిగే అవకాశం ఎక్కువట, రెప్ప కింది పొర తీసి అక్కడ అతికిస్తే తక్కువట.

ఆ లెక్కన 2022 ఫిబ్రవరిలో దూరం, దగ్గర రెండూ కనబడే ప్రోగ్రెసివ్‌లో, ఎండకు నల్లబడేవి తీసుకున్నాను. ఫ్రేముతో కలిపి ఎనిమిది వేలు దాటింది. మొదటి నెల నిజంగా మురిసిపోయాను. మా పాప ఒక రోజు వాకిట్లో ఆ అద్దాల మీద వేపాకు పెట్టి ఎండలో ఉంచింది, రెండు నిమిషాల తర్వాత ఆకు తీస్తే చుట్టూ నల్లగా, మధ్యలో ఆకు ఆకారం తెల్లగా, అంచున ఉండే గాట్లతో సహా అచ్చు పడి ఉంది. చూస్తుండగానే అది మెల్లగా కలిసిపోయింది. ఇంటికి వచ్చిన వాళ్లందరికీ చూపించాను, ఇవే కొనండి అని చెప్పాను.

మార్చి నెలాఖరు, చెట్లు పిందె మీద ఉన్నాయి. మందు డబ్బాలు వేసుకుని సాయంత్రం మినీ వ్యానులో చంద్రగిరి దాటి పోతున్నాను. ఆ టైములో ఆ దారిలో పోయేవాళ్లకు తెలుసు, సూర్యుడు సరిగ్గా మొహం మీదే ఉంటాడు. కొత్త అద్దాలు ఉన్నాయి కదా అని నేను పైన ఉండే సన్ షేడు కూడా దించలేదు. అద్దాలు నల్లబడతాయి, ఇంకొంచెం ఆగితే నల్లబడతాయి అనుకుంటూ అయిదారు కిలోమీటర్లు పోయాను. మొహమంతా వెలుతురు, రోడ్డంతా తెల్లటి మంట. ఆ మంటలో చెరకు లోడుతో ట్రాక్టరు ఒకటి రోడ్డు అంచున ఆగి ఉంది, వెనక లైటు లేదు. చెరకు ఆకులు గాలికి కదిలినప్పుడే నాకు అది కనపడింది. బ్రేకు తొక్కితే మందు డబ్బాలన్నీ క్యాబిన్‌కు వచ్చి కొట్టుకున్నాయి. బండి ఆగేసరికి ట్రాక్టరుకూ నాకూ మధ్య రెండు మూడు అడుగులు ఉంటుందేమో. ట్రాక్టరు డ్రైవరు పరిగెత్తుకొచ్చి "ఏమన్నా, కండ్లు కనపడలేదా" అన్నాడు. కనపడలేదు, అదే నిజం. చేతులు వణికి పది నిమిషాలు బండి స్టార్టు చెయ్యలేదు. కిందికి దిగి నిలబడ్డాక చూస్తే అద్దాలు నల్లబడుతున్నాయి.

మర్నాడు షాపుకు పోయి గొడవ పెట్టుకున్నాను. అక్కడి పిల్లవాడు చిన్న నీలం టార్చి వేసి చూపించాడు, వెంటనే నల్లబడ్డాయి. "అద్దాలు బాగున్నాయి సార్, బండి లోపల అంతే" అన్నాడు. ఈ అద్దాలు వెలుతురును బట్టి కాదు, అతినీలలోహిత కిరణాలను బట్టి నల్లబడతాయి. బండి ముందు అద్దం రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి చేసింది, అది ఆ కిరణాలను దాదాపు మొత్తం ఆపేస్తుంది. ఇక కళ్లద్దాలకు ఎండ ఉన్నట్టే తెలియదు. నేను వ్యాను నడుపుతానని కొనేటప్పుడే చెప్పాను. బండిలో కూడా కొంచెం నల్లబడే రకం వేరే ఉందట, అది కూడా ఆ రోజే తెలిసింది. పక్క కిటికీ సంగతి వేరు, అది ఒంటి గాజు, బండిని బట్టి కొంత లోపలికి వదులుతుంది. నా కుడి చెయ్యి ఎడమ చెయ్యి కంటే నల్లగా ఉంటుంది, కండ కూడా కుడి కంట్లోనే. కిటికీ ఎండ వల్లనే అని చెప్పలేను గానీ ఆ రోజు నుంచి కిటికీ వైపు టోపీ తిప్పి పెట్టుకుంటున్నాను.

రెండోది వేడి. మే నెలలో మాకు 40 దాటడం మామూలే, రోహిణి కార్తెలో తోటలో నిలబడితే ఈ అద్దాలు పొగ పట్టినంత రంగుకు వచ్చి ఆగిపోతాయి. అదే డిసెంబరులో హార్స్లీ హిల్స్ పోతే పూర్తిగా నల్లగా అయ్యాయి, గదిలోకి వచ్చాక కూడా చాలాసేపు తేలికపడలేదు. వేడి ఎక్కువైతే నల్లబడటం తగ్గుతుంది, అది వీటి తయారీలోనే ఉంది. ఎండ ఎక్కువ ఉన్నప్పుడే తక్కువ నల్లబడటం ఏమిటని రెండు వేసవులు తిట్టుకున్నాను. మూడో ఏడు ఆగస్టులో ఒక మబ్బు రోజు, చల్లగా ఉంది, అద్దాలు మే నెల కంటే నల్లగా అయ్యాయి. డాక్టరమ్మకు చెప్తే, మబ్బు పట్టినా ఆ కిరణాలు చాలావరకు దిగుతాయని, మన తిరుపతికి సూర్యుడు నడినెత్తికి వచ్చేది ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్ చివర ఒకసారి, ఆగస్టు నడుమ ఒకసారి అని చెప్పింది. మబ్బు రోజుల్లో అద్దాలు తీసి జేబులో పెట్టుకునే అలవాటు ఆ రోజుతో మానేశాను.

ఆమె చెప్పిన ఇంకో మాటతో నా కోపం సగం దిగింది. నల్లబడటం, కిరణాలను ఆపడం రెండూ ఒకటి కాదు. అద్దం తెల్లగా ఉన్నప్పుడు కూడా ఆపుతూనే ఉంటుంది, నలుపు కంటికి హాయి కోసం. రోడ్డు పక్క దొరికే వంద రూపాయల కూలింగ్ గ్లాసులో ఆ రక్షణ లేకపోతే, నలుపుకు కంటిపాప పెద్దదై లోపలికి ఇంకా ఎక్కువ పోతుంది. అందుకే రోహిణిలో రంగు తగ్గినా నేను తీయలేదు.

చిన్న ఇబ్బందులు కొన్ని. నాది బ్రౌన్ రంగు, కాయ మీద పసుపు ఎక్కువ చూపిస్తుంది. ఒకసారి పచ్చికాయను పక్వానికి వచ్చిందనుకుని కోయించి ఫ్యాక్టరీ గేటు దగ్గర ధర తగ్గించుకున్నాను. ఇప్పుడు కాయ చూసేటప్పుడు అద్దాలు నుదుటి మీదికి ఎత్తుతాను. మండీ షెడ్డులోకి వస్తే రెండు మూడు నిమిషాలు చీకటి. డాష్‌బోర్డు మీద ఎండలో వదిలేస్తే పై కోటింగ్ సన్నగా చిట్లింది, అది నా తప్పే.

కండ మాత్రం పెరగలేదు. మొన్న కొలిస్తే మూడేళ్ల కిందట ఎంతుందో అంతే ఉంది. అద్దాల వల్లా, టోపీ వల్లా, దానంతట అదే ఆగిందా, నేను చెప్పలేను. ఎవరైనా అడిగితే ఇప్పుడు ఇవే కొనండి అనడం లేదు, రోజుకు ఎన్ని గంటలు నడుస్తారు, ఎన్ని గంటలు బండి నడుపుతారు అని అడుగుతున్నాను. తోటలో నడిచే నా లాంటి వాళ్లకు పనికొస్తాయి. రోజంతా స్టీరింగ్ ముందు కూర్చునే వాళ్లకు పవర్ వేసిన మామూలు కూలింగ్ గ్లాసు ఒకటి విడిగా ఉండాల్సిందే, నేనూ చేయించుకున్నాను. ఈ పాతవి ఇప్పుడు నల్లబడటం బాగా తగ్గింది, మా పాప ఆకు పెడితే అచ్చు లీలగా పడుతోంది. షాపులో మిషన్ మీద పెడితే కిరణాలను ఆపడం మాత్రం తగ్గలేదని చూపించారు. ఈసారి గ్రే రంగు తీసుకుంటాను.

మా కోత మేస్త్రీ పెద్దాయన ముప్పై ఏళ్లుగా తల పైకెత్తి కాయ కోయిస్తున్నాడు, రెండు కళ్లలోనూ కండ ఉంది. ఆయనకు పోయిన నెల పవర్ లేని తెల్ల అద్దాలు, ఆ కిరణాలను ఆపేవి, పెద్ద ఫ్రేములో చేయించాను. పెట్టుకుని ఆకాశం చూసి "నల్లగా లేవు కదా సామీ, ఇవేం ఆపుతాయి" అన్నాడు. నీలం టార్చి ఒకటి కొనుక్కొచ్చాను, రేపు తోటలో ఆయన అద్దాలు అడ్డం పెట్టి నా అద్దాల మీద వేసి చూపిస్తాను.