రైతులతో కలిసి వ్యాపారం: ప్రైవేట్ లిమిటెడ్ మేలా, ప్రొడ్యూసర్ కంపెనీ మేలా?

నెలకు నలుగురైనా ఇదే ప్రశ్నతో ఫోన్ చేస్తున్నారు. "అన్నా, ఉద్యోగం మానేసి ఊరికొచ్చేశా. గానుగ నూనె మొదలుపెడుతున్నా. నా లాభం సంగతి తర్వాత, మా ఊరి రైతుకు నాలుగు రూపాయలు ఎక్కువ మిగలాలి. ఏం రిజిస్టర్ చేయించమంటావు?" కొందరిది నూనె, కొందరిది కొర్రలు, కొందరిది దేశవాళీ బియ్యం. అడిగేది మాత్రం ఒకటే. ఆడిటర్ దగ్గరికి వెళ్తే ఆయన పన్ను ఎందులో తక్కువో చెప్పి పంపిస్తాడు. పన్ను కట్టాల్సినంత లాభం మొదటి మూడేళ్లలో ఎవరికొచ్చింది?

నేను రెండూ చేసి చూసినవాణ్ణి. ధర్మవరం పక్కన మా ఊళ్లో 2019లో ప్రైవేట్ లిమిటెడ్ పెట్టి నాలుగేళ్లు నెట్టుకొచ్చాను. 2023 నుంచి అవే గానుగలు ప్రొడ్యూసర్ కంపెనీ, అంటే రైతులే సభ్యులుగా, వాటాదారులుగా ఉండే కంపెనీ కింద తిరుగుతున్నాయి. కాబట్టి నా మొగ్గు ఎటో దాచుకోవడంలో అర్థం లేదు. అయినా అవతలి పక్క న్యాయం కూడా చెబుతాను.

ముందు చిన్నవాటిని దాటేద్దాం. సొంత పేరు మీద దుకాణం నడపడం, ఎల్‌ఎల్‌పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్యం) పెట్టుకోవడం ఇద్దరు ముగ్గురు చేసుకునే పనికి సరిపోతాయి. రైతుకు అందులో చోటు ఉండదు. సొసైటీ, ట్రస్టు శిక్షణలకీ, ఆరోగ్య శిబిరాలకీ చక్కగా పనికొస్తాయి. సరుకు కొని అమ్మడం మొదలుపెట్టగానే చిక్కులొస్తాయి. సాధారణ ప్రజాహితం కింద నమోదైన సంస్థకు వ్యాపార రాబడి మొత్తం రాబడిలో 20 శాతం దాటితే ఆదాయపు పన్ను మినహాయింపుకే ముప్పు. లాభాపేక్ష లేని సెక్షన్ 8 కంపెనీ కాస్త నయం. పెద్ద కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్‌ఆర్ డబ్బు తెచ్చుకోవచ్చు, లెక్కలు పక్కాగా ఉంటాయని బయట గౌరవమూ ఉంటుంది. కానీ మిగులును సభ్యులకు పంచకూడదు. ఆసుపత్రికీ బడికీ అది సరే. కాయలు తెచ్చి పోసిన రైతుకు ఏడాది చివర ఏమీ ఇవ్వలేని ఏర్పాటు మాకెందుకు?

మ్యాక్స్ సొసైటీని మాత్రం అలా దాటేయడానికి మనసొప్పదు. 1995లో మన ఉమ్మడి రాష్ట్రమే దేశంలో మొదటగా పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం తెచ్చింది. ప్రభుత్వ వాటా ఉండదు, అధికారుల పెత్తనం ఉండదు. ముల్కనూరు మహిళల స్వకృషి డెయిరీ ఆ చట్టం కిందే నడుస్తోంది. మా జిల్లాలోనే చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ వెన్నుదన్నుతో పుట్టిన ధరణి సంఘం రైతుల చిరుధాన్యాలు కొని అమ్ముతోంది. వాళ్ల గోదాము చూశాకే నాకు ఈ పని మీద ఆశ పుట్టింది. మేమెందుకు ఆ దారి పట్టలేదంటే, మేం తిరిగిన బ్యాంకుల్లో ఎవరికీ ప్యాక్స్‌కీ (ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘం) మ్యాక్స్‌కీ తేడా తెలియలేదు. ప్రతిసారీ ఓనమాల నుంచి చెప్పుకోవాలి. చెప్పే ఓపిక మీకుంటే అదీ మంచి దారే.

ఇక అసలు సంగతి. ప్రైవేట్ లిమిటెడ్, ప్రొడ్యూసర్ కంపెనీ రెండింట్లో ఏది మేలో తేల్చేది పన్ను కాదు, గ్రాంటూ కాదు. కళ్లంలో డబ్బు.

2019 నవంబరులో మా మొదటి వేరుశనగ కొనుగోలు. దళారి ఇచ్చే ధర మీద క్వింటాలుకు మూడు వందలు ఎక్కువ ఇస్తామన్నాం. తూకంలో తరుగు తియ్యబోమన్నాం. డబ్బు మాత్రం పన్నెండు రోజుల తర్వాత. ఊరంతా సంతోషిస్తుందనుకున్నా. నలుగురు వచ్చారు, అందులో ఇద్దరు మా బంధువులే. ఎదురింటి పెద్దాయన కాటా దగ్గర నిలబడి అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది: "అబ్బీ, నీ మూన్నూర్లు సంకురాత్రికొస్తాయి. కూలోళ్లు ఈ పొద్దే అడుగుతారు." చెనక్కాయ పీకిన కూలి, ఒలిచిన కూలి, ట్రాక్టరు బాడుగ అన్నీ ఆ వారంలోనే కట్టాలి. దళారికి ధర తక్కువే, కానీ సంచీ కుట్టేలోపు నోట్లు లెక్కపెడతాడు. రైతుకు మేలు చేస్తానని వచ్చినవాడు మొదట ఓడిపోయేది అక్కడే.

మరుసటి ఏడాది అమ్మ నగలు బ్యాంకులో పెట్టాం. అది చాలక రెండు రూపాయల వడ్డీకి తెచ్చాం. ప్రైవేట్ లిమిటెడ్‌లో ఉన్న సుఖం ఇదే: రాత్రి అనుకుంటే తెల్లారేసరికి నిర్ణయం. ఇద్దరు డైరెక్టర్లు చాలు. ఎవరినీ సమావేశానికి పిలవక్కర్లేదు. బయటివాళ్ల పెట్టుబడీ తెచ్చుకోవచ్చు. తెచ్చుకోబోయాం కూడా. హైదరాబాద్‌లో ఒక పెట్టుబడిదారు నలభై లక్షలు పెడతానన్నాడు. మంచి మనిషి, మా నూనె ఇంట్లో వాడుతున్నాడు. ఆరేళ్లలో తన వాటా అమ్ముకుని బయటపడే దారి చూపించమన్నాడు. తర్వాత ఒక ప్రశ్న అడిగాడు: "గుజరాత్ కాయ చౌకగా దొరికిన ఏడాది కూడా మీ ఊళ్లోనే ఎందుకు కొనాలి?"

ఆ ప్రశ్నలో తప్పేం లేదు. డబ్బు పెట్టేవాడు అడగాల్సిందే అడిగాడు. దేశంలో వేరుశనగ అందరికంటే ఎక్కువ పండించేది గుజరాతే, మా చేలల్లో వానలు మొహం చాటేసిన ఏడాది అక్కడి కాయ చౌక కావచ్చు. కానీ అక్కడ కొంటే నేను పెట్టింది మామూలు నూనె మిల్లు అవుతుంది, అంతే. రైతు కోసమని బోర్డు రాసి లోపల ఎక్కడ చౌకైతే అక్కడ కొనే కంపెనీ కావడానికి ఒక్క చెడ్డ ఏడాది చాలు.

మన నేల మీద ఇంతకంటే పెద్ద కథ ఒకటి జరిగింది. మెదక్ జిల్లా నారాయణఖేడ్‌లో 1997లో స్వచ్ఛంద సంస్థగా మొదలైన స్వయం కృషి సంఘం, పేద ఆడవాళ్లకు చిన్న అప్పులిచ్చే ఉద్దేశంతో పుట్టింది. 2005 నాటికి ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ పేరుతో ఫైనాన్స్ కంపెనీగా మారింది. 2010 ఆగస్టులో వాటా ఒక్కంటికి 985 రూపాయల చొప్పున స్టాక్ మార్కెట్‌కి వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం మైక్రోఫైనాన్స్ మీద ఆర్డినెన్స్ తెచ్చింది, మొత్తం రంగానికే ఇక్కడ వసూళ్లు ఆగిపోయాయి. ఎవరిది ఎంత తప్పన్న వాదన పదిహేనేళ్లయినా తెగలేదు, దాన్ని నేను తేల్చబోవడం లేదు. నాకు తోచిందల్లా ఒకటే. సంస్థ ఎవరి కోసం పుట్టిందో వాళ్ల చేతిలో ఓటు లేనప్పుడు, ఉద్దేశం స్థాపకుడి మనసులోనే ఉండిపోతుంది. మనసుకు కాగితం మీద విలువ లేదు.

అలాగని ప్రొడ్యూసర్ కంపెనీ పెట్టగానే డబ్బు దానంతటదే వచ్చి పడదు. చాలామంది పొరబడేది ఇక్కడే, అందుకే లెక్క వేసి చూపిస్తాను. మూడు వందల మంది సభ్యులు తలా వెయ్యి వేస్తే మూడు లక్షలు. పదివేల రైతు ఉత్పత్తిదారుల సంఘాల కోసం పెట్టిన కేంద్ర పథకం కింద సభ్యుడు వేసినంతా ప్రభుత్వం జత చేస్తే, దానికి మనిషికి రెండు వేల పరిమితి ఉంది, ఇంకో మూడు లక్షలు. మొత్తం ఆరు. 2025-26 మద్దతు ధర 7,263 రూపాయల చొప్పున కొంటే ఆ డబ్బుకు 82 క్వింటాళ్లు వస్తాయి. వర్షాధారంలో ఎకరాకు అయిదు క్వింటాళ్లు పండితే మా దగ్గర మంచి పంట కింద లెక్క. అంటే మూడు వందల మంది చేరి పెట్టిన సొమ్ము పదహారు ఎకరాల కాయకు సరి. అదీగాక ఆ పదివేల సంఘాల పథకంలో 10,000వ సంఘం 2025 ఫిబ్రవరిలోనే నమోదైపోయింది. మూడేళ్లకు 18 లక్షల నిర్వహణ సాయం వస్తుందన్న లెక్కతో ఇప్పుడు మొదలుపెట్టకండి.

మరి తేడా ఎక్కడంటే, చట్టంలో ఒక చిన్న ఏర్పాటుంది. సభ్యుడు తెచ్చిన సరుకుకు మొదట ఎంత చెల్లించాలో బోర్డు నిర్ణయిస్తుంది. మిగతా ధరను ఆపి ఉంచి తర్వాత నగదుగానో, సరుకుగానో, వాటాలుగానో ఇవ్వొచ్చు. ఆపి ఉంచిన ధర అని దానికి పేరే ఉంది. ప్రైవేట్ కంపెనీగా నేను అదే పని చేస్తే రైతు నోట ఒకే మాట వస్తుంది: బకాయి. చెరకు ఫ్యాక్టరీల చుట్టూ తిరిగినవాళ్లకు ఆ మాట ఎంత చేదో చెప్పక్కర్లేదు.

2023లో మా బోర్డు ముందు ఇదే పెట్టాను: కళ్లంలో ఎనభై శాతం, ఉగాది దాటాక ఇరవై. రెండు గంటలు గొడవ. చివరికి ఒక డైరెక్టరమ్మ లేచి రెండు షరతులు పెట్టింది. ఎవరికి ఎంత ఆపామో గోదాము గోడ మీద సున్నం కొట్టి రాయాలి. "జీతంలో నీది కూడా ఇరవై ఆపల్ల" అంది. ఒప్పుకున్నా. ఆ ఏడాది 640 క్వింటాళ్లు 6,500 చొప్పున కొన్నాం. ఆపిన ఇరవై శాతం ఎనిమిది లక్షల ముప్పై రెండు వేలు. అదే సొమ్ము రెండు రూపాయల వడ్డీకి తెచ్చి ఉంటే అయిదు నెలలకు 83 వేలు వడ్డీకే పోయేది. 2019లో పన్నెండు రోజులు ఆగనన్న పెద్దాయన ఈసారి అయిదు నెలలు ఆగాడు. గోడ మీద తన పేరు పక్కన అంకె సరిగ్గా ఉందో లేదో వారానికోసారి వచ్చి చూసుకునేవాడు, అది వేరే సంగతి.

ఇలాంటి వ్యాపారంలో ఎవరో ఒకరు ఓపిక పట్టక తప్పదు. గ్రాంటు ఇచ్చేవాడికి మార్చి 31 గడువు. పెట్టుబడిదారుకు ఆరేళ్ల గడువు. తన గోదాములో తన సరుకుందని తెలిసిన రైతు పట్టే ఓపిక అన్నిటికంటే చౌక.

దీనికి మనం చెల్లించే మూల్యమూ తక్కువేం కాదు. మొదటిది, కుర్చీ. ప్రొడ్యూసర్ కంపెనీకి పూర్తికాలపు ముఖ్య కార్యనిర్వహణాధికారి ఉండాలి, అతను సభ్యుడు కాకూడదు. మా నాయన సభ్యుడు. నేను జీతగాణ్ణి. ఒక్క వాటా ఉన్నా వంద ఉన్నా సభ్యుడికి ఒక్కటే ఓటు, కాబట్టి డబ్బు పెట్టి పట్టు తెచ్చుకోలేను. బోర్డు రేపు వద్దంటే గానుగలు వదిలేసి ఇంటికెళ్లాలి. స్థాపకుణ్ణి అనే గర్వం ఉన్నవాళ్లకు ఇది మింగుడుపడదు. నాకూ ఏడాది పట్టింది.

రెండోది కాగితాల తతంగం. కనీసం అయిదుగురు డైరెక్టర్లు, ప్రతి ఒక్కరికీ డిన్ నంబరు (డైరెక్టర్ గుర్తింపు సంఖ్య), దానికి కేవైసీ. ఏడాది లెక్కల ఫారాలు ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకు వంద రూపాయలు. వరుసగా మూడేళ్లు దాఖలు చేయకపోతే ఆ అయిదుగురు రైతులూ అయిదేళ్ల పాటు ఏ కంపెనీలోనూ మళ్లీ డైరెక్టర్లుగా నియమితులయ్యే అర్హత కోల్పోతారు. సంఘం నమోదు చేయించి, ఫొటోలు దిగి, వదిలేసి పోయిన సంస్థలను నేను చూశాను. పాపం, నోటీసులు వచ్చేది రైతుల ఇళ్లకే. సర్వసభ్య సమావేశానికి నాలుగో వంతు సభ్యులు రావాలి. మాకు మూడు వందల పైచిలుకు, అంటే కనీసం డెబ్బై అయిదు మందికి పైనే. మొదటిసారి జూన్‌లో పెట్టాం. ముందు రోజు రాత్రి పదును వాన పడింది. తెల్లారితే ఊళ్లో మనిషి లేడు, అందరూ విత్తనానికి పోయారు. పదకొండు మంది వచ్చారు, వండించిన చిత్రాన్నం బడి పిల్లలకు పెట్టాం.

మరి ప్రైవేట్ లిమిటెడ్ ఎవరికి నప్పుతుంది? మీ సరుకు రైతు పంట మీద అంతగా ఆధారపడకపోతే, యంత్రమో యాపో తయారుచేస్తుంటే, అదే మేలు. రైతుల్ని కూడగట్టడానికి రెండేళ్లు తిరిగే ఓపిక లేకపోయినా అదే మేలు. ఒప్పుకోవడంలో సిగ్గేం లేదు. నిజాయతీగా తరుగు లేకుండా, అదే రోజు డబ్బిచ్చి కొనే ప్రైవేట్ మిల్లు, పడకేసిన సంఘం కంటే రైతుకు వెయ్యి రెట్లు నయం.

రెండూ కలపొచ్చా అని కూడా అడుగుతున్నారు. కలపొచ్చు. అరకు కాఫీ వెనక నాంది ఫౌండేషన్ ఉంది, గిరిజన రైతుల మ్యాక్స్ సొసైటీ ఉంది, కాఫీ అమ్మే ప్రైవేట్ కంపెనీ ఉంది. ఆ కాఫీ పారిస్ దాకా వెళ్లింది. అంత దూరం వెళ్లాలంటే అన్ని కాళ్లూ కావాలేమో. చిన్నవాళ్లు ఇలా చేసేటప్పుడు ఒక్కటి చూసుకోవాలి: సంఘం దగ్గర కొనే ప్రైవేట్ కంపెనీ కూడా మీదే అయితే, ధర తేల్చే రోజు బల్లకు రెండు వైపులా మీరే కూర్చుంటారు. ఆ రోజు మీరు గదిలో లేకుండా ధర రాసుకునే ఏర్పాటు ముందే చేసుకోండి.

మొన్న సిద్దిపేట నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. నెలలోపు రిజిస్ట్రేషన్ అయిపోవాలట, ఫీజు కూడా కట్టేసిందట. ఆగమన్నాను. ముందు పదిమంది రైతుల దగ్గరికి వెళ్లి, ధరలో అయిదో వంతు అయిదు నెలలు ఆపుకుంటే ఒప్పుకుంటారా అని అడిగి రమ్మన్నాను. నిన్న మెసేజ్ పెట్టింది: ముగ్గురు ఒప్పుకున్నారు, నలుగురు ఆలోచిస్తామన్నారు, ఇద్దరు తిట్టారు, ఒకాయన "గోదాం తాళం ఎవరి దగ్గరుంటది బిడ్డా?" అని అడిగాడట. ఆ ఒకాయన్ని వదలొద్దని చెప్పాను.